ఉప్పునీటి తొట్టిలో నత్తలు, ఆల్చిప్పలు చనిపోతున్నాయి: కారణం ఏమై ఉంటుంది?

ప్రశ్న (భీమిలి తీరం):
నమస్కారం. విశాఖపట్నంలోని మా ఇంట్లో రెండేళ్లుగా 200 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం ఉంది. క్రిందటి నెల భీమిలిలో జాలర్లు వలల నుంచి ఏరి పారేస్తున్న గుల్లల్లో బతికి ఉన్న రెండు నత్తలు కనిపిస్తే చేత్తోనే తీసి తెచ్చి, నీటికి నెమ్మదిగా అలవాటు చేసి తొట్టిలో వదిలాను. ఒకదానికి దువ్వెన పళ్లలాంటి ముళ్లు, పొడవాటి తోక ఉన్నాయి. రెండోది బొంగరంలా నున్నగా ఉండి పగలంతా ఇసుకలోనే దాగి ఉంటుంది. అప్పటి నుంచి రెండు ఆల్చిప్పలు, నాచు తినే మూడు ట్రోకస్ నత్తలు చనిపోయాయి. ఆల్చిప్పలకు గుండ్రని రంధ్రాలు పడ్డాయి గాని, ట్రోకస్ గుల్లలు ఏ గాయమూ లేకుండా ఖాళీగా దొరికాయి. అమ్మోనియా, నైట్రైట్ సున్నా; సాంద్రత 1.025, ఉష్ణోగ్రత 26 డిగ్రీలు. లోపం ఎక్కడ ఉంది?

సమాధానం (పాత తొట్టి):
మీ నీటిలో లోపమేమీ కనిపించడం లేదు. ముళ్ల నత్త మురెక్స్ జాతిది, అది మాంసాహారి. పాదంలోని ఒక అవయవం నుంచి ఊరే ద్రవంతో చిప్పను మెత్తబరచి, గరుకు నాలుకతో గీకి, మళ్లీ ద్రవం పూసి, ఇలా గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి తొలుస్తుంది. రంధ్రం గోడలు నిటారుగా ఉంటే అది మురెక్స్ పనే అనుకోవచ్చు. పైన వెడల్పుగా, లోపలికి పోనుపోను సన్నగా ఉంటే ఇసుకలో తిరిగే చంద్ర నత్తను అనుమానించాలి. మురెక్స్‌ను ఉంచుకోవాలంటే వేరే తొట్టి పెట్టి, కొన్ని రోజులకొకసారి బతికున్న ఆల్చిప్పను వేసి, మిగిలిన మాంసాన్ని అదే రోజు తీసేయండి. రాగి కలిసిన చేపల మందులు ఆ నీటిలో వేయవద్దు. నత్తలకు అవి విషం.

సమాధానం (ఇసుక పొర):
పై సమాధానంతో ఏకీభవిస్తాను గాని, నాకు రెండో నత్తే ఎక్కువ భయం కలిగిస్తోంది. దాని నోటి చీలిక గుల్ల పొడవునా సన్నగా ఉందా? గుల్ల మీద గోధుమ గీతల మధ్య తెల్లని ముక్కోణాలు ఉన్నాయా? ఉంటే అది శంకు నత్త, బహుశా టెక్స్‌టైల్ రకం. అది ఇతర నత్తలను వేటాడేది. బోలుగా ఉన్న పంటిని ఈటెలా విసిరి విషం ఎక్కిస్తుంది, గుల్లకు రంధ్రం చేయదు. శంకు నత్తల్లో చాలా జాతులు పురుగులు తినేవే అయినా, జియోగ్రాఫస్ జాతి కాటుతో మనుషులు చనిపోయిన సందర్భాలు ఉన్నాయి. ఈ విషానికి విరుగుడు మందు లేదు. వెడల్పు కొన దగ్గర పట్టుకుంటే క్షేమమని నమ్మవద్దు, ఆ పంటిని విసిరే తొండం వెనక్కి కూడా వంగుతుంది.

ప్రశ్నించినవారు:
ముక్కోణాలు ఉన్నాయండి. చదివిన వెంటనే పొడవాటి పటకారుతో తీసి మూత ఉన్న డబ్బాలో వేశాను. దీనిని మళ్లీ సముద్రంలో వదలవచ్చా?

సమాధానం (ఇసుక పొర):
మీ తొట్టిలో వేరే సముద్రాల చేపలు ఉంటే వాటి రోగాలు దీనితో పాటు తీరానికి చేరవచ్చు కనుక ఇప్పుడే వదలకండి. ఫొటోతో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని సముద్ర జీవశాస్త్ర అధ్యాపకులను అడగండి. అప్పటిదాకా డబ్బాకు గాలి గొట్టం పెట్టి, పిల్లలకు అందకుండా ఉంచండి.