ఉకులేలే మీద నైన్త్, థర్టీన్త్ కార్డులు: మూలస్వరం లేనప్పుడు ఆ పేరు చెల్లుతుందా?

బైరాగిపట్టెడ ఉకులేలే, తిరుపతి:

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రాలు మా మిద్దె మీద నలుగురం కూర్చుని పాడుకోవడం అలవాటు. ఇన్నాళ్లూ ఒక మిత్రుడు బేస్ గిటారు వాయించేవాడు. ఉద్యోగం కోసం అతడు బెంగళూరు వెళ్లిపోయాక పాటకు నా ఉకులేలే, అంటే నాలుగు తీగల చిన్న గిటారులాంటి వాద్యం, ఒక్కటే తోడుగా మిగిలింది. అప్పటిదాకా నిండుగా వినిపించిన నా ‘సీ’ నైన్ కార్డు (కార్డు అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపు), అంటే నాలుగో తీగ నుంచి మొదటి తీగ వరకు 0201 (ఒక్కో అంకె ఆ తీగను నొక్కే ఫ్రెట్, అంటే మెట్టు; 0 అంటే ఖాళీ తీగ), ఇప్పుడు ‘సీ’ కార్డులాగే అనిపించడం లేదు. చూస్తే అందులో పలికేవి ‘జీ’, ‘డీ’, ‘ఈ’, ‘బీ’ ఫ్లాట్ మాత్రమే. కార్డుకు పేరిచ్చే మూలస్వరం ‘సీ’ ఎక్కడా లేదు. కార్డుల పట్టికలలో మాత్రం దానిని ‘సీ’ నైన్ అనే వేస్తారు. ఆ పేరు న్యాయమైనదేనా, బేస్ తోడు లేనప్పుడు ఇలాంటి కార్డులను ఈ వాద్యం మీద వాయించవచ్చా అన్నది నా ప్రశ్న.

గిటారు మాస్టారు, చిత్తూరు:

నా ఉద్దేశంలో ఆ పేరు చెల్లదు. మూలస్వరం నుంచి ఒకటి విడిచి ఒకటిగా తొమ్మిదో స్వరం దాకా పేర్చే నైన్త్ కార్డుకు అయిదు స్వరాలు కావాలి, పదమూడో స్వరం దాకా పేర్చే థర్టీన్త్‌కు శాస్త్రప్రకారం ఏడు కావాలి. మీ దగ్గర ఉన్నవి నాలుగు తీగలు. 0201లో పలికే ఆ నాలుగు స్వరాలకే ‘జీ’ మైనర్ సిక్స్త్ అనే పేరు కూడా ఉంది. పిల్లలకు షేపును, అంటే వేళ్ల అమరికను, చూపించి పేరు చెబితే వేళ్లకు అది వస్తుంది గానీ, చెవికి మూలస్వరం ఎక్కడుందో ఎన్నటికీ తెలియదు. 0001 అనే ‘సీ’ సెవెన్‌లో నాలుగు తీగలకు నాలుగు స్వరాలూ సరిపోతాయి. ఒంటరిగా వాయించేవారికి అది చాలు.

కపిలతీర్థం రోడ్డు, తిరుపతి:

మాస్టారు గారి లెక్క సరైనదే, కానీ దాని నుంచి ఆయన తీసిన తీర్పును నేను ఒప్పుకోలేను. కార్డులోని స్వరాలన్నీ ఒకే బరువు మోయవు. మూడో స్వరం అది మేజరో మైనరో చెబుతుంది, ఏడోది ఆ కార్డు ఎటు కదలబోతోందో చెబుతుంది, తొమ్మిదోది రంగు అద్దుతుంది. అయిదో స్వరం మాత్రం, దానిని పెంచో తగ్గించో వాయించినప్పుడు తప్ప, కొత్త సంగతి ఏదీ చెప్పదు. పది వేళ్లూ ఖాళీగా ఉన్న జాజ్ పియానో కళాకారులు సైతం పక్కన బేస్ ఉంటే మూలస్వరాన్ని దానికే వదిలేస్తారు. ఆరు తీగల గిటారు మీద కూడా థర్టీన్త్‌లోని ఏడు స్వరాలూ ఒకేసారి పలకవు కనుక, మాస్టారు గారు కూడా అక్కడ ఏదో ఒకటి వదిలిపెట్టే వాయిస్తారు. ఆ పేరు ఆయనకు చెల్లినప్పుడు మనకు ఎందుకు చెల్లదు?

పేరు నిర్ణయించేది షేపు కాదు, దాని ముందూ వెనుకా వచ్చే కార్డులు. ‘డీ’ మైనర్ సెవెన్ 2213, ‘జీ’ నైన్ 2212, ‘సీ’ మేజర్ నైన్ 0202, ఈ మూడింటినీ వరుసగా వాయించి చూడండి. మొదటి రెండింటి మధ్య మొదటి తీగ మీది స్వరం ఒక్కటే అరస్వరం దిగుతుంది, ఆ దిగుడులోనే ఇంటికి మళ్లుతున్న భావం వస్తుంది. ఉకులేలే మీద జాజ్ వాయించవచ్చని 1957 నాటికే వెర్వ్ అనే సంస్థ రికార్డుతో చూపించిన ఉకులేలే కళాకారుడు లైల్ రిట్జ్ పక్కన రెడ్ మిచెల్ బేస్ వాయించారు. ఈ మాట నా వాదానికి ఎదురు నడుస్తుందని తెలిసే చెబుతున్నాను, ఎందుకంటే ప్రశ్న అడిగిన మిత్రుడికి పోయింది సరిగ్గా ఆ బేసే.

ఆయనకు వేరే దారి ఉంది: 3005 వాయించండి. ‘బీ’ ఫ్లాట్, ‘సీ’, ‘ఈ’, ‘డీ’ పలుకుతాయి, అయిదో స్వరం ఒక్కటే పోతుంది. మామూలు ఉకులేలేలో నాలుగో తీగ మూడో తీగ కంటే పైస్థాయిలో ఉంటుంది కాబట్టి అన్నిటికన్నా అడుగున పలికేది ఖాళీ ‘సీ’ తీగే. అప్పుడు ‘జీ’ మైనర్ అనడానికి అందులో ‘జీ’యే ఉండదు.

వీణ విద్యార్థిని, తిరుపతి:

నేను శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో వీణ నేర్చుకున్నాను. కార్డులతో నా పరిచయం కొద్దిపాటిదే అయినా, ఈ చర్చలో శ్రుతి మాట ఎవరూ ఎత్తకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది. శ్రుతిపెట్టెను ఒకటో శ్రుతిలో, అంటే ‘సీ’ షడ్జమంగా, పెట్టి 0201 వాయిస్తే, పంచమం, చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, కైశికి నిషాదం మీ తీగల నుంచి వస్తాయి, లేదంటున్న షడ్జమం పెట్టె నుంచి వస్తుంది. బెంగళూరు వెళ్లిన మిత్రుడి పనిని ఆ మేరకు పెట్టె చేస్తుంది.

థర్టీన్త్ గురించి ఇంకొక సంగతి. ‘సీ’ థర్టీన్త్‌లోని ఏడు స్వరాలనూ వరుసగా పేర్చితే అచ్చంగా హరికాంభోజి రాగం వస్తుంది. అయితే రాగంలో అంతర గాంధారం, శుద్ధ మధ్యమం ఒకదాని తరువాత ఒకటి వస్తాయి, కార్డులో ఒకేసారి మోగుతాయి. అరస్వరం దూరంలోని ఆ రెండూ రాచుకుంటాయి కాబట్టే థర్టీన్త్ వాయించేవారు మధ్యమాన్ని, అంటే పదకొండో స్వరాన్ని, సాధారణంగా వదిలేస్తారు. వదలడం అన్నది తీగలు తక్కువైన వాద్యానికి పట్టిన దరిద్రం కాదని దీనితో తెలుస్తుంది.

గిటారు మాస్టారు, చిత్తూరు:

3005 వాయించి చూశాను. అది ‘సీ’ నైన్ అని ఒప్పుకుంటున్నాను. కానీ ఖాళీ తీగల దయ వల్ల దొరికిన షేపు అది. దానిని ‘డీ’ నైన్‌కు జరిపితే 5227 అవుతుంది: రెండో ఫ్రెట్‌లో తీగలన్నిటినీ అదిమి పట్టి ఏడో ఫ్రెట్ దాకా వేలు సాచాలి. చిన్న సైజు సొప్రానో ఉకులేలే మీద కుదురుతుందేమో గానీ, పెద్ద సైజు టెనర్ మీద పాట మధ్యలో నాకు సాధ్యం కాలేదు. కపిలతీర్థం గారి మూడు కార్డుల వరుసనూ బేస్ లేకుండా విన్నాను. నాకు ‘డీ’ మైనర్‌లోనే ఒక స్వరం దిగినట్టు వినిపించింది తప్ప ‘జీ’ రాలేదు. చివరి 0202 కూడా విడిగా చూస్తే ‘ఈ’ మైనర్ సెవెనే. విద్యార్థిని గారూ, మీ శ్రుతి కూడా షడ్జమం మూలమైన కార్డుకే ఆసరా. ‘జీ’ నైన్ వచ్చేసరికి అందులోని కాకలి నిషాదం, అంటే ‘బీ’, పెట్టెలోని షడ్జమంతో పోట్లాడుతుంది.

కపిలతీర్థం రోడ్డు, తిరుపతి:

ఆ వరుసలో ‘జీ’ మీకు వినిపించకపోవడాన్ని నేను కాదనను; పాడేవారు ఆ క్షణంలో ‘జీ’ మీద నిలిస్తేనే అది స్థిరపడుతుంది. ఒక విషయం మాత్రం చేర్చాలి. నాలుగో తీగకు లో-జీ, అంటే ఒక స్థాయి కింద పలికే ‘జీ’ తీగ, కట్టుకుంటే సమస్య తీరుతుందని చాలామంది అంటారు, అది సగమే నిజం. 3000 అనే ‘సీ’ థర్టీన్త్‌లో మామూలు తీగ మీది ‘బీ’ ఫ్లాట్, ఖాళీ ‘ఏ’ అరస్వరం దూరంలో గీసుకుంటాయి. లో-జీతో ‘బీ’ ఫ్లాట్ ఒక స్థాయి కిందికి దిగి కార్డు విశాలంగా తెరుచుకుంటుంది. 0201కు మాత్రం అదే తీగ చేటు చేస్తుంది, ‘జీ’ అన్నిటికీ అడుగున చేరి మాస్టారు గారు చెప్పిన ‘జీ’ మైనర్ సిక్స్త్‌నే ఖాయం చేస్తుంది.

బైరాగిపట్టెడ ఉకులేలే, తిరుపతి:

మీ అందరికీ కృతజ్ఞతలు. నిన్న మిద్దె మీద అన్నీ ప్రయత్నించాం. శ్రుతి మోగుతుండగా 0201 వాయిస్తే, నిజంగానే పాత నిండుతనం తిరిగి వచ్చింది. శ్రుతి ఆపి, 0201, 3005 మార్చి మార్చి వాయించి, ఏది ఇంటి స్వరమో పాడి చూపించమని మా వాళ్లను అడిగాను. 3005కు ముగ్గురూ ‘సీ’ పాడారు. 0201కు ఇద్దరు ‘జీ’ అందుకున్నారు. కాబట్టి బేస్ గానీ శ్రుతి గానీ లేనప్పుడు 0201ను ‘సీ’ నైన్ అని నేను రాసుకోను. 3000లోని రాపిడి నాకు నచ్చింది గానీ, పాడేవారికి గొంతు నిలపడం కష్టమైంది. వచ్చే ఆదివారానికి లో-జీ తీగ కట్టి, అది ఎలా ఉందో ఇక్కడే రాస్తాను.