లైబ్రరీ నుంచి హాస్టల్ దాకా బండి వెంట వస్తోంది, ఎవరికి చెప్పాలి?

ప్రశ్న: పలమనేరు పిల్ల

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం చదువుతున్నాను, ఉండేది క్యాంపస్‌లోని లేడీస్ హాస్టల్లో. యూనివర్సిటీ పేరు రాయలేదు, దయచేసి అడగొద్దు.

పరీక్షలు దగ్గర పడినాయి, రోజూ రాత్రి 8 దాకా లైబ్రరీలో కూర్చుంటాను. అక్కడి నుంచి హాస్టల్‌కు పది పన్నెండు నిమిషాల నడక. మధ్యలో కానుగ చెట్ల దగ్గర ఒక మలుపు ఉంది, అక్కడ లైట్లు వెలగవు. పోయిన మంగళవారం ఒక నల్ల బండి నా వెనకే నడక వేగంతో వచ్చింది. దారి ఇద్దామని పక్కకు జరిగితే అదీ ఆగింది. హాస్టల్ గేటు లైటు కనబడగానే వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. శుక్రవారం మళ్ళీ అదే బండి. ఈసారి పక్కకొచ్చి ఫోన్ నంబరు అడిగినాడు. "పో" అని గట్టిగా అరిచి పరిగెత్తినాను. నంబరు ప్లేటు మీద గుడ్డ కట్టి ఉంది.

సెక్యూరిటీ అన్నకు చెప్తే "ఇంత రాత్రి దాకా బయట ఏం పనమ్మా" అన్నాడు. అమ్మకు చెప్తే తెల్లారేసరికి పలమనేరులో బస్సెక్కి వచ్చి నన్ను తీసుకుపోతుంది, చదువు అంతటితో సరి. వార్డెన్ మేడమ్‌కు చెప్తే అందరికీ హాస్టల్ టైము తగ్గించేస్తారు, వద్దని రూమ్మేట్లు అంటున్నారు. పోయిన నెల కొండ వైపు చిరుత కనిపించిందంటే ఆ సాయంత్రమే మైకులో చెప్పి, గుంపుగా నడవమన్నారు. ఈ మనిషి సంగతి ఎవరికి చెప్తే అట్లా పట్టించుకుంటారో తెలియడం లేదు. రెండు రోజులుగా లైబ్రరీకే పోలేదు.

జవాబు: మంగళం కుర్రోడు

సిస్టర్, ముందు ఒంటరిగా నడవొద్దు. పెప్పర్ స్ప్రే ఒకటి కొనుక్కో, ఆన్‌లైన్లో దొరుకుతుంది. మా క్లాసులో మేము రాత్రిపూట అమ్మాయిల్ని హాస్టల్ గేటు దాకా దిగబెట్టి వస్తాం, మీ క్లాసులో కూడా అడిగి చూడు. అత్యవసర సాయానికి 112 నంబరు ఫోన్‌లో పెట్టుకో.

జవాబు: చిత్తూరు లెక్చరర్

చెల్లీ, నేను 2012 నుంచి 2017 దాకా తిరుపతిలోనే హాస్టల్లో ఉండి పీహెచ్‌డీ చేసినాను. ఇప్పుడు చిత్తూరులో ఒక కాలేజీలో పాఠాలు చెప్తున్నాను. నీ ప్రశ్న రాత్రి చదివినాను, పొద్దున్నే లేచి రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

మొదట ఈ రోజు చెయ్యాల్సినది. ఒక కాగితం తీసుకుని రెండు రోజుల సంగతీ వేరువేరుగా రాసిపెట్టు. తేదీ, టైము, ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది, బండి రంగు, వాడి చొక్కా, వాడన్న మాట ఉన్నదున్నట్టు. నువ్వు "పో" అని అరిచినావే, అది తప్పకుండా రాయి. ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద ఆడపిల్ల ఇష్టం లేదని తేటగా తెలియజేసినా మళ్ళీ మళ్ళీ వెంటపడి మాట కలపాలని చూడటం నేరం. మొదటిసారి నేరం రుజువైతే మూడేళ్ళ దాకా శిక్ష, రెండోసారి అయితే ఐదేళ్ళ దాకా. కాబట్టి ఆ అరుపు ఉత్త అరుపు కాదు. వాడు మళ్ళీ వచ్చినాడంటే ఆ మాటే నీకు ఆధారం.

పెప్పర్ స్ప్రే మంచిదే, తమ్ముడు చెప్పింది కాదనను. అయితే బ్యాగు అడుగున పుస్తకాల కింద ఉంటే అది ఉన్నా లేనట్టే, చేతిలో ఉండాలి. చాలా ఫోన్లలో సెట్టింగుల్లో ఎమర్జెన్సీ ఎస్ఓఎస్ అని ఉంటుంది. ఆన్ చేసి పెట్టుకుంటే పవర్ బటన్ వరుసగా ఐదుసార్లు నొక్కితే సాయానికి ఫోన్ పోతుంది. ఏ నంబరుకు పోతుందో ఇప్పుడే చూసి పెట్టుకో. ఆడవాళ్ళ భద్రతకు మునుపు దిశ యాప్ ఉండేది, 2025 మార్చిలో మన రాష్ట్రంలో శక్తి యాప్ వచ్చింది, అదీ వేసుకో. బండి మళ్ళీ వెనక పడితే మొహమాటపడకుండా 112 కొట్టు. ఏదో ఒకటి జరిగే దాకా ఆగి ఫోన్ చెయ్యాలని ఎవరూ రూలు పెట్టలేదు.

ఇక నీ రూమ్మేట్ల భయం గురించి. అది ఉత్త భయం కాదని నాకు తెలుసు, అందుకే నా సంగతి చెప్తున్నాను.

మా హాస్టల్ వెనక ప్రహరీ గోడకు ఒక సందు ఉండేది. అవతల టీ బంకు, ఇవతల మా నడక దారి. సాయంత్రమైతే ఆ సందు దగ్గర రెండు మూడు బండ్లు నిలబడి ఉండేవి. వచ్చే పోయే పిల్లల్ని ఏదో ఒకటి అనేవాళ్ళు. మేము సెక్యూరిటీకి చెప్పినాం, కేర్‌టేకర్‌కు చెప్పినాం, మెస్ కమిటీలో కూడా చెప్పినాం. అన్నీ నోటిమాటలే. ఒక రాత్రి మా జూనియర్ పిల్ల చేతిలో ఫోన్ లాక్కుని తోసేసినారు. కంకర మీద పడి మోకాలు చీరుకుపోయింది, ఆరు కుట్లు పడినాయి. రుయా ఆస్పత్రి నుంచి రాత్రి ఒంటిగంటకు ఆటోలో తీసుకొచ్చినాం. మరుసటి రోజు నోటీసు బోర్డు మీద ఏముందో తెలుసా? హాస్టల్ టైము 8.30 నుంచి 7కు మార్చినారు. సందు అట్లాగే ఉంది, లైట్లు అట్లాగే ఉన్నాయి.

ఆ తర్వాత జరిగింది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. టైము తగ్గిందని హాస్టల్లో పిల్లలు ఆ అమ్మాయితో మాట్లాడటం మానేసినారు. నీ వల్లే మాకు ల్యాబ్ పోయింది అన్నవాళ్ళు కూడా ఉన్నారు. కుట్లు విప్పకముందే వాళ్ళ నాయన వచ్చి ట్రంకు పెట్టె సర్దించుకుని తీసుకుపోయినాడు. మళ్ళీ రాలేదు. నేను ఆ పిల్ల పక్కన కూర్చుని అన్నం తిన్నదాన్నే, కానీ ఎదురు తిరిగి ఒక్క మాట అనలేకపోయినాను.

ఆమె వెళ్ళిపోయిన వారానికి మేము నలుగురం టార్చి లైటు, నోటు పుస్తకం పట్టుకుని బయలుదేరినాం. లైబ్రరీ మెట్ల నుంచి హాస్టల్ గేటు దాకా దీపస్తంభాలు లెక్కపెట్టినాం. మొత్తం 19. వెలగనివి 7. ప్రతి స్తంభానికి పసుపు రంగులో నంబరు రాసి ఉంటుంది, మనం రోజూ దాని పక్కనే నడుస్తాం, చూడం. రంగు రాలిపోయిన వాటి మీద సుద్దముక్కతో మేమే రాసినాం. ఒక స్తంభానికి బల్బు వెలుగుతోంది కానీ కానుగ కొమ్మ మొత్తం కప్పేసింది, కింద నిలబడితే చేతి గీతలు కూడా కనబడలేదు. అది కూడా రాసుకున్నాం. అయిపోయినాక మిద్దె ఎక్కితే, ఎదురుగా అలిపిరి నుంచి కొండ మీదికి మెట్లదారి దీపాలు వరసగా కనబడతా ఉన్నాయి. అంత దూరం కొండకు వెలుగు ఉంది, మా పన్నెండు నిమిషాల దారికి లేదు.

లెటర్లో "మాకు భద్రత కల్పించవలెను" అని రాయలేదు. అట్లాంటి లెటరు చదివినవాడికి ఏం చెయ్యాలో తెలియదు. 4, 5, 9, 11, 12, 16, 17 నంబర్ల స్తంభాలు వెలగడం లేదు, 8వ స్తంభం దగ్గర కొమ్మ కొట్టాలి, వెనక గోడకు నాలుగడుగుల సందు ఉంది, పూడ్చాలి. ఇంతే. కింద 41 మంది సంతకాలు. ఒక్క పేరుతో పోతే ఆ పేరు మీద పడతారు, నలభై ఒక్క మందిని ఎవరినని నిందిస్తారు? రెండు కాపీలు తీసుకుని తపాలు సెక్షన్లో ఇచ్చి, మన కాపీ మీద ముద్ర వేయించుకుని, ఇన్‌వర్డ్ నంబరు, అంటే లెటరు అందినట్టు వాళ్ళు వేసే నంబరు, రాయించుకున్నాం. అక్కడ కూర్చున్న సారు ముద్ర అవసరం లేదులే అన్నాడు, మేము కదలలేదు. పదిహేను రోజులు చూసి, ఆ ఇన్‌వర్డ్ నంబరు పైన రాసి రెండో లెటరు ఇచ్చినాం, ఇంజనీరింగ్ సెక్షన్‌కు కూడా ఒక కాపీ. ఆ వారంలోనే నిచ్చెన వేసుకుని మనిషి వచ్చినాడు. గోడ పూడ్చినారు, రెండు నెలలకు ఎవరో మళ్ళీ పగలగొట్టినారు, మళ్ళీ లెటరు, మళ్ళీ పూడ్చినారు. టైము తిరిగి 8.30 కావడానికి మాత్రం ఏడాది పట్టింది.

కాబట్టి నువ్వు రాసేటప్పుడు ఒక వాక్యం చేర్చు: దీని పరిష్కారంగా హాస్టల్ సమయం తగ్గించవద్దు. ఆ మాట అనడానికి నీకు అండ ఉంది. యూనివర్సిటీలన్నిటికీ నిబంధనలు పెట్టే యూజీసీ 2013లో సక్షమ్ అని ఒక నివేదిక వేసింది. భద్రత పేరు చెప్పి మగపిల్లల హాస్టళ్ళకు లేని ఆంక్షలు ఆడపిల్లల హాస్టళ్ళకు పెట్టకూడదని అందులో ఉంది. వార్డెన్ మేడమ్ ఆ మాట వినకపోయి ఉండొచ్చు, మర్యాదగానే చెప్పండి.

ఇంకొకటి. వాడు బయటివాడైతే మాకు సంబంధం లేదని కాలేజీ వాళ్ళు అనొచ్చు. ఒప్పుకోవద్దు. యూజీసీ 2015 నిబంధనల ప్రకారం ప్రతి యూనివర్సిటీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. వేధించింది బయటి మనిషైనా, బాధపడిన విద్యార్థినికి కావలసిన సాయం సంస్థే చెయ్యాలి. జరిగిన మూడు నెలల్లోపు నువ్వు కమిటీకి ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి. పోలీసులకు ఇవ్వాలంటే 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) ప్రకారం అది మా పరిధి కాదు అనే మాట చెల్లదు, ఏ స్టేషన్లోనైనా తీసుకోవాలి. ఇట్లాంటి కేసులో నీ మాట రాసుకునేది మహిళా అధికారే కావాలి. స్టేషన్‌కు పోవాలంటే ఒకరిద్దర్ని తోడు తీసుకుపో.

అమ్మ సంగతి. దాచొద్దు చెల్లీ. ఎవరో చెప్తే విన్న అమ్మకూ, నువ్వే చెప్తే విన్న అమ్మకూ చాలా తేడా ఉంటుంది. లెటరు ఇచ్చినాక, ముద్ర పడిన కాపీ చేతిలో పెట్టుకుని ఫోన్ చెయ్యి. ఇట్లా జరిగింది, నేను ఇది చేసినాను, వీళ్ళు నాకు తోడున్నారు అని వరసగా చెప్పు.

జవాబు: పాత వాచ్‌మన్

పాపా, నేను చదువుకున్నోణ్ణి కాదు, మా అబ్బాయి టైపు చేస్తా ఉండాడు. తిరుపతిలో ఒక కాలేజీ గేటు కాడ పదకొండేండ్లు రాత్రి డ్యూటీ చేసినా.

ఇంత రాత్రి బయట ఏం పని అని ఆ మనిషి అన్నాడు చూడు, ఆ మాట నేనూ చానా మందిని అన్నా. అది తప్పే. ఎందుకంటామో చెప్తా. రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా గేటుకు ఇద్దరం. ఒకడు రౌండుకు పోతే ఒకడే మిగులుతాడు. మేము ఏజెన్సీ మనుషులం, రిజిస్టర్లో ఏదైనా ఎక్కిందంటే పొద్దున నన్నే నిలబెట్టి అడుగుతారు, అప్పుడు నువ్వు యాడుండావు అని. ఆ భయంతో ఎక్కించము. పిల్లనే నాలుగు మాటలని పంపించేస్తే పీడా పోయిందనుకుంటాం. ఇప్పుడు తలుచుకుంటే నాకే కష్టంగా ఉంటాది.

నువ్వు పోయి, అన్నా, రిజిస్టర్ ఇట్లా ఇయ్యి, నేనే రాసుకుంటా అను. గొడవ పెట్టుకోవద్దు. నీ చేత్తో టైము రాసి సంతకం పెట్టు. తర్వాత పేజీ ఫోటో తీసుకో. రాసినాక ఆ పేజీ ఎవరూ చింపలేరు, నంబర్లుంటాయి.

నంబరు ప్లేటుకు గుడ్డ కట్టినాడంటే ఎవరైనా గుర్తుపడతారని వానికి భయం ఉండాది. క్యాంపస్‌లో తిరిగే వాడో, దగ్గరి కాలనీ వాడో అయ్యుండొచ్చు. గుడ్డ కడితే ఏం, బండి మొత్తం దాచలేడు కదా. సైలెన్సరు చప్పుడు, టాంకు మీద స్టిక్కరు, విరిగిన ఇండికేటరు, ఏదో ఒకటి ఉంటాది. గేటు కాడ కెమెరా ఉంటే ఆ రెండు రోజులదీ తీసిపెట్టమని లెటర్లో రాయండి. బిన్నా రాయండి, కెమెరాలో పాతది కొన్ని దినాలకు చెరిగిపోతాది.

పలమనేరు పిల్ల:

అక్కా, వాచ్‌మన్ అన్నా, మీ ఇద్దరివీ రూమ్‌లో అందరికీ చదివి వినిపించినాను. ఒక సందేహం. కమిటీకి ఇస్తే నా పేరు క్యాంపస్ అంతా తెలిసిపోతుందా?

చిత్తూరు లెక్చరర్:

తెలియకూడదు. పనిచోట ఆడవాళ్ళపై లైంగిక వేధింపుల 2013 చట్టంలోనే ఫిర్యాదు చేసినవాళ్ళ పేరు, వివరాలు బయటపెట్టరాదని ఉంది. స్తంభాల లెటరు వేరు, నీ ఫిర్యాదు వేరు. రెండూ ఒకే కాగితంలో రాయొద్దు. మొదటిది అందరిదీ, నోటీసు బోర్డులో పెట్టినా ఫర్వాలేదు. రెండోది కవరులో పెట్టి అంటించి కమిటీ మేడమ్ చేతికే ఇవ్వు.

పలమనేరు పిల్ల:

తొమ్మిది రోజులైంది, అందుకే మళ్ళీ రాస్తున్నాను. శనివారం రాత్రి ఆరుగురం పోయి లెక్కపెట్టినాం. మా దారిలో 14 స్తంభాలు, 5 వెలగడం లేదు, మూడు వరసగా ఆ మలుపులోనే. 63 సంతకాలు వచ్చినాయి. వద్దన్న రూమ్మేటే పై అంతస్తు మొత్తం తిరిగి పెట్టించింది. ముద్ర వేయించుకున్నాం. గేటు రిజిస్టర్లో నేనే రాసినాను, సెక్యూరిటీ అన్న పెన్ను ఇచ్చినాడు, ఏమీ అనలేదు. కమిటీ మేడమ్ కవరు తీసుకుని అరగంట కూర్చోబెట్టి మాట్లాడినారు. కెమెరాలో శుక్రవారం బండి దొరికింది, ముందు చక్రం మడ్‌గార్డు లేదు. ఆ ఫోటోతో నిన్న మేడమ్ తోడు రాగా స్టేషన్లో ఇచ్చి వచ్చినాం.

అమ్మకు చెప్పినాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ఆదివారం వస్తాను, ఆ దారి నాకు చూపించు అంది.

నాలుగు లైట్లు వేసినారు. పదకొండో స్తంభం ఇంకా చీకటిగానే ఉంది. సోమవారం రెండో లెటరు ఇస్తున్నాం.