నిమ్మ చుట్టూ తిరుగుతున్నాయి కానీ గుడ్లు పెట్టట్లేదు: స్వాలోటెయిల్ సీతాకోకచిలుకల కోసం మొక్కలు ఎలా పెంచాలి?

కుండీలతోట (ప్రశ్న):

నా దగ్గర 10 అంగుళాల కుండీలో అంటునిమ్మ, మూడడుగుల కరివేపాకు, కొత్తగా నాటిన ఈశ్వరి తీగ ఉన్నాయి. రోజూ ఐదారు గంటల ఎండ తగులుతుంది. పసుపు మచ్చల నల్ల సీతాకోకచిలుకలు నిమ్మ చుట్టూ రెండు చుట్లు తిరిగి వెళ్లిపోతున్నాయి. పెట్టిన ఒకటి రెండు గుడ్లలోంచి వచ్చిన పురుగులు కూడా రెండు రోజులకే మాయం. ఇక కరివేపాకు మీద ఎర్ర మచ్చల నల్లది ఒకటి గుడ్లు పెట్టింది. అది క్రిమ్సన్ రోజ్ అయితే దాని పురుగులు తినేది ఈశ్వరి ఆకే కదా, గుడ్లున్న రెమ్మలు తీసి తీగ మీద పెట్టమంటారా? నిమ్మను ఎలా పెంచాలి? లోపల డబ్బాలో పెంచడం మంచిదా, మొక్క మీదే వదిలేయాలా?

లేతచిగురు:

ముందు ఆ రెమ్మల జోలికి వెళ్లకండి. కరివేపాకు మీద గుడ్లు పెట్టింది క్రిమ్సన్ రోజ్ కాదు, కామన్ మార్మన్ ఆడది. రోజ్‌లు (క్రిమ్సన్ రోజ్, కామన్ రోజ్) విషపూరితమైనవి కాబట్టి పక్షులు వాటిని ముట్టవు. మార్మన్ ఆడవాటిలో కొన్ని అచ్చం ఆ రోజ్‌ల వేషమే వేసుకుంటాయి. రెక్కలు చూసి పోల్చుకోవడం కష్టం, ఒళ్లు చూడండి. రోజ్‌కి తల, పొట్ట ఎర్రగా ఉంటాయి. మార్మన్‌కి ఒళ్లంతా నలుపే. గుడ్డు రంగు కూడా చెబుతుంది: మార్మన్‌ది లేత పసుపు, రోజ్‌ది ఎరుపు తిరిగిన నారింజ. మార్మన్ పురుగును ఈశ్వరి ఆకు మీద పెడితే తినకుండా ఎండిపోతుంది.

ఇక నిమ్మ సంగతి. ఆ పసుపు మచ్చలది లైమ్ బటర్‌ఫ్లై. ఆడది ఆకు మీద వాలి ముందు కాళ్లతో టపటపా తట్టి రుచి చూస్తుంది. ఆకు ముదురుగా ఉంటే లేచిపోతుంది. గుడ్డులోంచి వచ్చిన పురుగు రెండు మూడు మిల్లీమీటర్లే ఉంటుంది, ముదురాకు అంచు దాని నోటికి తెగదు. మీ మొక్కకి ఆకు ఉండొచ్చు, చిగురు లేదు. అందుకే చుట్టూ తిరిగి పోతున్నాయి.

చిగురు రావాలంటే కొమ్మల చివర్లు నాలుగైదు అంగుళాలు కత్తిరించండి. అన్నీ ఒకేసారి కాదు. మొక్కలో మూడో వంతు ఇవాళ, ఇంకో మూడో వంతు రెండు వారాలకి, మిగతాది ఆ తర్వాత రెండు వారాలకి. కత్తిరించిన రెండు మూడు వారాల్లో చిగురు వస్తుంది. ఇలా వంతులవారీగా చేస్తే ఎప్పుడూ ఏదో ఒక వైపు లేతాకు, ఇంకో వైపు పెద్ద పురుగులకి సరిపడే నడివయసు ఆకు ఉంటాయి.

10 అంగుళాల కుండీ చాలదు. 14 అంగుళాలకి మార్చండి. మట్టి నాలుగు పాళ్లు, బాగా మాగిన కంపోస్టు మూడు, కొబ్బరిపొట్టు రెండు, ముతక ఇసుక ఒకటి. అడుగున బెజ్జాలు మూసుకుపోకుండా చూసుకోండి, నిమ్మ వేరు నీట నానితే ముందు పోయేది చిగురే. పై రెండంగుళాల మట్టి ఆరాకే నీళ్లు. నెలకి రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు చాలు. యూరియా దట్టిస్తే చిగురు మెత్తబడి పేనుబంక వాలుతుంది, దానికి మందు కొట్టామంటే పురుగుల పని అయిపోయినట్టే. కొత్తాకు పసుపుగా, ఈనెలు పచ్చగా కనిపిస్తే ఇనుము అందట్లేదని అర్థం.

అసలు అంటుమొక్కే అక్కర్లేదు, మనకి కావలసింది కాయ కాదుగా. పండు గింజలు ఆరనివ్వకుండా అదే రోజు అర అంగుళం లోతున నాటితే రెండు నుంచి నాలుగు వారాల్లో మొలుస్తాయి. పది గింజలు నాటుకోండి. ఒక పెద్ద చెట్టు కంటే ఐదారు చిన్న కుండీలు నయం, ఒకటి మోడైతే దాన్ని పక్కన పెట్టి తేరుకోనివ్వొచ్చు.

తీగపందిరి:

ఈశ్వరి తీగ గురించి నాలుగు మాటలు. అందులో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. మనుషుల మూత్రపిండాలను దెబ్బతీసే పదార్థం, క్యాన్సర్ కారకం కూడా. రోజ్ పురుగులు ఆ విషాన్నే ఒంట్లో దాచుకుంటాయి. ఆకులు తుంచాక చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడండి. కషాయాలకీ, పసర్లకీ వాడొద్దు, ఎవరేం చెప్పినా సరే.

తీగ నెమ్మదిగా ఎదుగుతుంది. ఐదారు అడుగులు పాకి పక్క కొమ్మలు వేసేదాకా దోమతెర కప్పి ఉంచండి. లేకపోతే మొదటి విడత పురుగులే మొదలంటా కొరికేస్తాయి. వేరు బలంగా ఉంటే మళ్లీ చిగురిస్తుంది కానీ, నాటిన ఏడాదే ఆ దెబ్బ తగిలితే కోలుకోవడం కష్టం. అలాగే ఒక్క తీగ మీద ఆశ పెట్టుకోకండి, కనీసం మూడు ఉండాలి. గాడిదగడప దొరికితే అదీ వేయండి, నేల మీద పాకుతుంది, కామన్ రోజ్ దాని మీదా గుడ్లు పెడుతుంది.

అందం కోసం అమ్మే, గోధుమరంగు మచ్చల పెద్ద పువ్వులు పూసే ఈశ్వరి చుట్టం అరిస్టోలోకియా ఎలెగాన్స్ మాత్రం తేవొద్దు. కొన్ని జాతుల ఆడవి మోసపోయి దాని మీద గుడ్లు పెడతాయి, పురుగులు ఆ ఆకు తిని చస్తాయి. ఆస్ట్రేలియాలో రిచ్‌మండ్ బర్డ్‌వింగ్ అనే సీతాకోకచిలుకకి వచ్చిన ముప్పుల్లో ఇదొకటి.

పురుగులు మాయమవడానికి సాలీళ్లు, చీమలు, కందిరీగలు ఒక కారణం. ఇంకో కారణం అడగాలి: మొక్క నర్సరీ నుంచి తెచ్చి ఎన్నాళ్లయింది? ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందు వేరు ద్వారా ఆకులోకి ఎక్కుతుంది. పైన ఎంత కడిగినా పోదు, కుండీ మొక్కలో నెలల తరబడి ఉంటుంది. పాత మట్టి వీలైనంత దులిపి కొత్త మట్టిలోకి మార్చి, రెండు మూడు విడతల చిగురు కత్తిరించి పారేశాక ఒకే ఒక్క పురుగును వదిలి చూడండి. మూడు రోజులు తిని పెరిగితే సరే. వణుకుతూ ఆకుపచ్చ నీరు కక్కుకుంటే ఆ మొక్క ఇంకా పనికిరాదు. వేపనూనె, బీటీ పొడి (పురుగులను చంపే బాక్టీరియా మందు) కూడా పురుగులను చంపుతాయి, సేంద్రియం అనే మాట చూసి పొరబడొద్దు. పేనుబంకకి నీళ్ల ధారే మందు, కొట్టే ముందు ఆకు అడుగున గుడ్లున్నాయేమో చూసుకుని.

వలగూడు:

మొక్క మీద వదిలేస్తే చాలా కొద్ది పురుగులే బతుకుతాయి. అయితే గూట్లో పెంచడం అందరికీ చెప్పే పని కాదు. ఇరవై ముప్పై పురుగులను ఒక డబ్బాలో కుక్కి, రోగం పుట్టించి అన్నిటినీ పోగొట్టే కంటే మొక్క మీదే వదిలేయడం మేలు. నాలుగైదు అయితే గూట్లో పెంచండి, అంతకు మించి వద్దు.

గాలి ఆడే వలగూడు కావాలి, 40 సెంటీమీటర్ల వెడల్పు, 60 ఎత్తు. మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో తేమ చేరి రెట్టకి బూజు పడుతుంది, రోగాలు అక్కడే మొదలవుతాయి. అడుగున కాగితం వేసి రోజూ మార్చండి. రెమ్మలను ఇరుకు మూతి సీసాలో నీళ్లు పోసి నిలబెట్టి, మూతిని దూదితో పూర్తిగా మూయండి. లేకపోతే పురుగు కాడ పట్టుకుని దిగి నీళ్లలో పడుతుంది. ఏ ఆకు మీద పుట్టిందో చివరిదాకా అదే ఇవ్వండి. కరివేపాకు మీద పుట్టినదాన్ని మధ్యలో నిమ్మకి మారిస్తే చాలాసార్లు ముట్టదు.

నిమ్మ, కరివేపాకు మీది పురుగు పొర విడుస్తూ ఐదు దశల్లో పెరుగుతుంది. మొదటి నాలుగు దశల్లో పక్షి రెట్టలా కనిపిస్తుంది, ఐదో దశలో పచ్చబడుతుంది. అది తినే మొత్తంలో చాలా భాగం ఆ చివరి ఐదారు రోజుల్లోనే, ఆకు లెక్క దానికి తగ్గట్టు వేసుకోండి. అడుగున్నర ఎత్తు మొక్క రెండు పురుగులను మించి పోషించలేదు. కదిలిస్తే తల వెనక నుంచి నారింజ ఎరుపు రంగు రెండు కొమ్ములు బయటికి వచ్చి ఘాటు వాసన కొడతాయి. అవి మిమ్మల్ని ఏమీ చేయవు. కానీ అస్తమానం కదిలించొద్దు.

మొదటిసారి పెంచేవాళ్లు బెంబేలెత్తేది ఇక్కడ: ప్యూపా (సీతాకోకచిలుకగా మారే ముందు కదలకుండా ఉండే దశ) కట్టే ముందు పురుగు తినడం మానేసి, పొట్టలో ఉన్నదంతా ఒకేసారి నీళ్లగా విసర్జించి, గూడంతా తిరుగుతుంది. అది రోగం కాదు. రోగమైతే ఒళ్లు మెత్తబడి నల్లగా మారి వేలాడుతుంది, దుర్వాసన వస్తుంది. అలాంటిది కనిపిస్తే వెంటనే తీసేసి, గూడును ఒక వంతు బ్లీచు, తొమ్మిది వంతుల నీళ్లతో కడిగి, బాగా జాడించి ఎండలో పూర్తిగా ఆరబెట్టండి.

గుడ్డు మొత్తం నల్లబడి అలాగే ఉండిపోతే అందులో ట్రైకోగ్రామా కందిరీగ ఉన్నట్టు. ప్యూపా కట్టే సమయంలో ఇంకో చిన్న కందిరీగ, టెరోమాలస్, పక్కనే కాచుకుని కూర్చుని, ఒళ్లు ఇంకా మెత్తగా ఉన్నప్పుడే పొడిచి గుడ్లు పెడుతుంది. కొన్నాళ్లకి ప్యూపాకి సూది మొన బెజ్జం పడి పదుల సంఖ్యలో చిన్న కందిరీగలు వస్తాయి. అందుకే వల కన్ను సన్నంగా ఉండాలి, మామూలు దోమతెర కన్నులోంచి అవి దూరిపోతాయి.

కుండీలతోట:

చాలా థాంక్స్ అండీ. అంటునిమ్మ తెచ్చి రెండు నెలలే, మందు అనుమానం నిజమే కావచ్చు. గింజలు నాటేస్తాను. కరివేపాకు మీదవి ఐదు, వాటిని గూట్లోకి తెస్తున్నా. ఒకటి ఇప్పటికే చీపురుపుల్ల మీద ప్యూపా కట్టింది, గోధుమరంగులో ఉంది. చచ్చిపోయిందా? ఏదైనా ఊడి పడితే ఏం చేయాలి?

వలగూడు:

గోధుమరంగు మామూలే. పచ్చటి ఆకుల మధ్య కడితే పచ్చగా, ఎండుపుల్ల మీద కడితే గోధుమరంగులో వస్తుంది. ముట్టుకుంటే కొంచెం కదులుతుంది, బరువుగా ఉంటుంది. చచ్చినది తేలికై ముదురు రంగులోకి పోతుంది. మొదటి రోజు మాత్రం ముట్టొద్దు, చర్మం గట్టిపడాలి.

ఊడి పడితే కాగితాన్ని పొట్లంలా చుట్టి తోక కిందికి, తల పైకి ఉండేలా అందులో నిలబెట్టి, పొట్లాన్ని గూటి వల గోడకి గుచ్చండి. తల పొట్లం అంచుకి కొంచెం పైన ఉండాలి. బయటికి వచ్చాక వల పట్టుకుని ఎక్కి వేలాడితేనే రెక్కలు సాగుతాయి. నున్నటి గాజు, ప్లాస్టిక్ గోడైతే జారి కింద పడి, రెక్కలు ముడతలు పడిపోయి అలాగే గట్టిపడతాయి. రెండు వారాల లోపే వస్తుంది సాధారణంగా. ముందురోజు తొడుగులోంచి రెక్కల మచ్చలు కనిపిస్తాయి. వచ్చాక ఎర్రటి ద్రవం చుక్కలు రాలుస్తుంది, రక్తం కాదు. రెక్కలు ఆరడానికి రెండు మూడు గంటలు వదిలి, ఎండ ఉన్నప్పుడు బయట వదిలేయండి. వాన పడుతుంటే మర్నాడు వదలొచ్చు, ఒక్కరోజు తిండి లేకపోయినా ఏమీ కాదు.

లేతచిగురు:

ఒక చేర్పు. గుడ్ల కోసం మొక్కలుంటే సరిపోదు, తేనె పూలు కూడా ఉండాలి. నూరువరహాలు, పెంటాస్, జినియా పెట్టండి. నూరువరహాలులో ముద్దగా పూసే సంకరాల కంటే ఒంటి రెక్కల పాతరకం మంచిది. పూలను నిమ్మకి కొంచెం ఎడంగా ఉంచండి. పూల దగ్గర తచ్చాడే కందిరీగలు పక్కనే ఉన్న పురుగులను వెతుక్కుంటాయి. ఎండ బాగా ఉంటే నాలుగో కుండీగా అశోక మొక్కో (నిటారుగా పెరిగే పాలీయాల్తియా, ఎర్రపూల అసలు అశోకం కాదు) సీతాఫలమో వేయండి, టెయిల్డ్ జే అనే సీతాకోకచిలుక కూడా వస్తుంది. దానికీ ఇదే సూత్రం, లేతాకు లేనిదే వాలదు.