అమ్మానాన్నలతో కెంట్ కోటలు, తోటల కోచ్ టూర్: ఈ ఐదు రోజుల ప్యాకేజీ తీసుకోవచ్చా?

లెస్టర్_వాసి:

అందరికీ నమస్కారం. అమ్మానాన్న ఏలూరు నుంచి మే నెలలో వస్తున్నారు, సెప్టెంబరు దాకా మా దగ్గరే ఉంటారు. లండన్ చూపించడం పెద్ద పని కాదు, రైలెక్కితే అయిపోతుంది. కానీ నాన్న హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు, ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ గురించీ ఆయన రెండో భార్య ఆన్ బొలిన్ గురించీ ఏళ్ల తరబడి పిల్లలకి పాఠం చెప్పిన మనిషి, ఆ కోటల్ని ఆయనకి దగ్గరుండి చూపించాలని నాకు చాలా ఉంది. అమ్మకి రాజులతో పని లేదు, మొక్కలుంటే చాలు, గంటలు గంటలు అక్కడే నిలబడిపోతుంది. అందుకే కోటలూ తోటలూ కలిసొచ్చేలా ఇంగ్లండు ఆగ్నేయ మూలనున్న కెంట్ వైపు వెళ్లే ఒక కోచ్ టూర్ చూసి పెట్టాను.

ప్రోగ్రాం ఇలా ఉంది. మొదటి రోజు పొద్దున లెస్టర్‌లో ఎక్కించుకుని సాయంత్రానికి ఫోక్‌స్టన్‌లో హోటల్‌కి చేరుస్తారు. రెండో రోజు లీడ్స్ కాజిల్, తర్వాత క్యాంటర్‌బరీ. మూడో రోజు హీవర్ కాజిల్, సిసింగ్‌హర్స్ట్ తోట. నాలుగో రోజు డోవర్ కాజిల్, బోడియమ్ కాజిల్. ఐదో రోజు తిరుగు ప్రయాణం. బ్రేక్‌ఫాస్ట్, రాత్రి భోజనం హోటల్లోనే.

అమ్మకి మోకాళ్ల నొప్పులు, రెయిలింగ్ ఉంటే మెట్లు ఎక్కుతుంది, లేకపోతే కష్టం. ఇద్దరూ శాకాహారులు, గుడ్డు కూడా తినరు. నేను కారు నడపగలను, కానీ డ్రైవింగ్, పార్కింగ్ టెన్షన్ లేకుండా వాళ్ల పక్కన కూర్చుని మాట్లాడుకుంటూ వెళ్లాలని నా కోరిక. ఇది వాళ్లకి సరిపడే టూరేనా? ఏ నెల మంచిది? ఎవరైనా వెళ్లొచ్చినవాళ్లుంటే చెప్పండి.

---

మెయిడ్‌స్టన్_తెలుగు:

నమస్తే అండీ. మేముండేది లీడ్స్ కాజిల్‌కి దగ్గర్లోనే, వచ్చిన చుట్టాలందరినీ ఈ కోటలకే తిప్పుతుంటాం, కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను. మీరు ఐదు రోజులు అంటున్నారు గానీ అందులో చూసేది మూడు రోజులే. మొదటి రోజు లెస్టర్‌లో మీరెక్కాక ఇంకో రెండు మూడు ఊళ్లలో జనాన్ని ఎక్కించుకుంటారు, ఎం1 హైవే మీదుగా లండన్ చుట్టూ తిరిగే ఎం25 రోడ్డుకి వచ్చి డార్ట్‌ఫర్డ్ దగ్గర థేమ్స్ దాటేసరికి ఎంత ట్రాఫిక్ ఉంటుందో ఎవరూ చెప్పలేరు. పైగా ఇక్కడ కోచ్ డ్రైవర్ నాలుగున్నర గంటలు నడిపాక చట్టప్రకారం 45 నిమిషాలు ఆగాల్సిందే. అది మంచిదే, అమ్మగారికి కాళ్లు చాపుకోవడానికి వీలవుతుంది, కాకపోతే రోజు మొత్తం దారిలోనే గడిచిపోతుందని ముందే మనసులో పెట్టుకోండి.

నాకు అస్సలు నచ్చనిది మూడో రోజు. హీవర్, సిసింగ్‌హర్స్ట్ రెండూ ఒకే రోజు పెట్టడం అన్యాయం. హీవర్ ఒక్కటే పూర్తి రోజు అడుగుతుంది. ఆన్ బొలిన్ చిన్నతనంలో పెరిగిన ఇల్లు అది, చుట్టూ కందకం ఉన్న చిన్న కోట. ఆమె చేతిరాత ఉన్న ప్రార్థన పుస్తకం అక్కడ పెట్టారు, మీ నాన్నగారు దాని ముందు నుంచి అంత త్వరగా కదలరు. 1903లో విలియం వాల్డార్ఫ్ ఆస్టర్ అనే అమెరికన్ కోటీశ్వరుడు ఆ కోట కొని, 800 మందిని పెట్టి రెండేళ్లపాటు 38 ఎకరాల చెరువు తవ్వించాడు. కోట నుంచి ఇటాలియన్ గార్డెన్ గుండా ఆ చెరువు గట్టు దాకా నడిచి వెనక్కి రావడానికే, మోకాళ్ల నొప్పులున్న మనిషికి, మధ్యలో బెంచీల మీద ఆగుతూ వెళ్తే గంటన్నర పడుతుంది. గేటు నుంచి కోటకి దిగుడు దారి, అంటే వచ్చేటప్పుడు ఎక్కుడు. కింది అంతస్తు తేలిగ్గా చూడొచ్చు, పై గదులకి మాత్రం మెట్లే. ఇంత ఉన్నచోట రెండు గంటలు ఆపి పదండి పదండి అంటే ఏం చూసినట్టు?

లీడ్స్ కాజిల్ సంగతి వేరు. (ఇది లీడ్స్ ఊళ్లో లేదు, మెయిడ్‌స్టన్ పక్కన ఉంది, మీవాళ్లు మ్యాప్‌లో వెతికి కంగారు పడకుండా చెప్పి ఉంచండి.) చెరువు మధ్య రెండు దీవుల మీద కట్టిన కోట, 1119లో మొదలైంది, తర్వాత రాణుల చేతుల్లో తిరిగింది, ఎనిమిదో హెన్రీ దాన్ని తన మొదటి భార్య కేథరిన్ కోసం బాగుచేయించాడు. చివరి యజమానురాలు లేడీ బెయిలీ 1926లో కొని, ఆమె పోయాక జనం చూసేలా ట్రస్టుకి వదిలేసింది. కోచ్ దిగిన చోటు నుంచి కోట దాకా చాలా నడక ఉంది, చిన్న ట్రైన్ లాంటి బండి తిప్పుతుంటారు, మీరు వెళ్లే రోజు అది ఉందో లేదో టూర్ వాళ్లని అడగండి. యూ చెట్ల కంచెలతో చేసిన మేజ్ (దారి కనుక్కోవాల్సిన చిక్కుదారి) మధ్యలోకి చేరితే నేల కిందకి మెట్లతో గుహ దారి ఉంటుంది, అమ్మగారిని అక్కడికి తీసుకెళ్లకండి, చెరువు పక్కన కూర్చోబెడితే నల్ల హంసల్ని చూసుకుంటూ హాయిగా ఉంటారు.

---

పూలమొక్కల_పద్మ:

అమ్మగారికి మొక్కలంటే ప్రాణం అన్నారు చూడండి, ఆ ఒక్క మాటతో నేను రాయకుండా ఉండలేకపోయాను. ఈ లిస్టు మొత్తంలో ఆవిడ కోసం ఉన్నది సిసింగ్‌హర్స్ట్. నాన్నగారికి మాత్రం ముందే చెప్పండి, పూర్తి పేరు సిసింగ్‌హర్స్ట్ కాజిల్ గార్డెన్, పేరులో కోట ఉన్నా అక్కడ కోట లేదు, ఒక పాత ఇటుక టవరూ దాని చుట్టూ కొన్ని ఇళ్లూ మిగిలాయి. 1930లో రచయిత్రి వీటా శాక్‌విల్-వెస్ట్, ఆమె భర్త హెరాల్డ్ నికొల్సన్ ఆ పాడుబడ్డ చోటు కొన్నారు. గీతలు ఆయనవి, మొక్కలు ఆమెవి. ఆయన దారులూ కంచెలూ తిన్నగా గీసినట్టు వేస్తే, ఆమె ఆ గళ్ల నిండా మొక్కల్ని పొంగిపోయేలా నింపేసింది. తోట మొత్తం గదులు గదులుగా ఉంటుంది, ఒక్కో గదిలో ఒక్కో రంగు, ఒక్కో కాలం.

వైట్ గార్డెన్ అని ఒక గది ఉంది, అందులో అన్నీ తెల్లపూలు, వెండి రంగు ఆకులే. మధ్యలో ఇనప పందిరి మీద తీగ గులాబీ ఒకటి అల్లుకుని ఉంటుంది, జూలై మొదట్లో విరగబూస్తుంది, ఒక్కో గుత్తిలో చిన్న చిన్న తెల్లపూలు, మధ్యలో పసుపు పుప్పొడి, ఒక్కటే వరస అయిదు రేకులు, దగ్గరికెళ్తే తేనెటీగల చప్పుడే ముందు వినిపిస్తుంది. మన సన్నజాజి పందిరి చూసి పెరిగిన మనిషికి దాని కింద నిలబడితే ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. టవర్‌కి 78 మెట్లు, అమ్మగారు వద్దు, మీరూ నాన్నగారూ ఎక్కండి, తోట ప్లాన్ అంతా పైనుంచే అర్థమవుతుంది.

కాబట్టి నెల అంటే నా ఓటు జూన్ మూడో వారం నుంచి జూలై మొదటి వారం. హీవర్‌లో నాలుగు వేలకి పైగా గులాబీ మొక్కలు కూడా అప్పుడు బాగుంటాయి. రాత్రి తొమ్మిది దాటినా వెలుతురుంటుంది. ఆగస్టు వద్దండీ, స్కూలు సెలవులు, రద్దీ, గులాబీల మొదటి విడత కూడా అయిపోయి ఉంటుంది.

---

రాజమండ్రి_కుర్రాడు:

పైవాళ్లు బోడియమ్‌ని వదిలేశారు. సార్, మీ నాన్నగారు సోషల్ మాస్టారు కాబట్టి అది మాత్రం తీసేయకండి. 1385లో కట్టిన కోట, నీళ్ల మధ్యలో నాలుగు మూలలా గుండ్రటి బురుజులతో, చిన్నపిల్లలు బొమ్మ గీస్తే ఎలా గీస్తారో అలాగే నిలబడి ఉంటుంది, లోపల మాత్రం అంతా శిథిలం. 1917లో దాన్ని కొన్నది ఎవరో తెలుసా? లార్డ్ కర్జన్. 1905లో బెంగాల్‌ని రెండు ముక్కలు చేసిన ఆ వైస్రాయే. ఆ విభజన మీద లేచిన వందేమాతరం ఉద్యమం 1907లో బిపిన్ చంద్రపాల్ వచ్చి మాట్లాడాక మా రాజమండ్రిని ఎంత ఊపేసిందో మాస్టారికి నేను చెప్పాలా. అదే మనిషి మన దేశంలో 1904లో పాత కట్టడాల రక్షణకి చట్టం తెచ్చాడు, ఇక్కడికొచ్చాక ఈ కోట కందకం తోడించి, గోడలు బాగుచేయించి, 1925లో చనిపోతూ పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థకి రాసిచ్చాడు. ఆ ఒడ్డున కూర్చుని ఈ రెండు సంగతులూ కలిపి మీ నాన్నగారు మీకు పాఠం చెప్తారు చూడండి, ఆ టూర్‌లో ఏ గైడూ చెప్పలేడు.

ఇంకోటి, టెంటర్‌డెన్ నుంచి బోడియమ్ దాకా పదిన్నర మైళ్లు పాత ఆవిరి రైలు నడుస్తుంది. కొన్ని కోచ్ టూర్లలో టెంటర్‌డెన్‌లో రైలెక్కించి, కోచ్‌ని బోడియమ్‌కి పంపి అక్కడ ఎక్కించుకుంటారు. మీ ప్యాకేజీలో ఉందేమో చూడండి.

డోవర్ మీద నాకంత మోజు లేదు, మీ అమ్మగారి విషయంలో మరీను. 1180ల్లో రెండో హెన్రీ కట్టించిన పెద్ద టవర్‌లో మెట్లు నిటారుగా ఉంటాయి, కొండ మొత్తం ఎత్తుపల్లాలే. 1940లో రెండో ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్ తీరాన ఉన్న డంకర్క్ నుంచి మూడు లక్షల ముప్ఫై ఎనిమిది వేల మంది సైనికుల్ని వెనక్కి తెచ్చిన ఆపరేషన్ నడిపించింది ఆ కొండ కింద సొరంగాల్లోంచే, అది చూడాల్సిందే, కానీ డోవర్, బోడియమ్ ఒకే రోజంటే మళ్లీ అదే పరుగు.

---

లక్ష్మి_క్రాయ్‌డన్:

నేను మా అత్తగారిని ఇలాంటి గ్రూప్ టూర్‌కే తీసుకెళ్లాను, తిండి గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నా. బుకింగ్ అప్పుడే "శాకాహారం, గుడ్డు వద్దు, చేప కూడా వద్దు" అని మెయిల్‌లో రాయించండి. ఫోన్లో చెప్తే హోటల్ దాకా చేరదు. చాలా హోటళ్లలో వెజ్ అంటే చీజ్ వేసిన పాస్తానో మష్రూమ్ రిసోటోనో వస్తుంది, రెండో రోజుకే పెద్దవాళ్లకి నోరు చప్పబడిపోతుంది. గదిలో కెటిల్ తప్పకుండా ఉంటుంది, రెడీమిక్స్ ఉప్మా, గోంగూర పచ్చడి, కందిపొడి, చిన్న పెరుగు డబ్బాలు పెట్టుకోండి. మొదటి రోజు దారికి పులిహోర కట్టుకెళ్లండి, వేడి తిండి, వాసన వచ్చే తిండి కోచ్‌లో తిననివ్వరు గానీ సర్వీసుల్లో (హైవే పక్కన ఆగే చోట్లలో) ఆగినప్పుడు బయట బెంచీ మీద హాయిగా తినొచ్చు. స్కోన్లు (చిన్న బన్నుల్లాంటివి), క్రీము, జాము ఇస్తారు చూడండి, వాటిలో గుడ్డు ఉండొచ్చు, అడిగి తీసుకోండి.

సీట్ల విషయం కూడా. కోచ్ ఎక్కే మెట్లు నిటారుగా ఉంటాయి, పైగా టాయిలెట్ సాధారణంగా మధ్య తలుపు దగ్గర కిందకి ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బండి కదులుతుండగా అందులోకి దిగడం కష్టం. ముందు వరస సీట్లు అడగండి, కొన్ని కంపెనీలు కాస్త ఎక్కువ డబ్బు తీసుకుని ఇస్తాయి, ఇచ్చేయండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ మాత్రం ఇండియాలో బయల్దేరేముందే తీసుకోమనండి, మోకాళ్ల సంగతి దాచకుండా రాయించాలి.

---

లెస్టర్_వాసి:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా థాంక్స్ అండీ. కర్జన్ సంగతి నాన్నకి ఫోన్లో చెప్పాను, వెంటనే వందేమాతరం ఉద్యమం మొదలుపెట్టి అరగంట మాట్లాడారు, ఇక బోడియమ్ ఖాయం. పద్మగారూ, ఆ పందిరి గులాబీ ఫొటో చూసి అమ్మ జూలై మొదటి వారమే అంటోంది. ఇప్పుడు నా ఆలోచన ఏంటంటే, ఆ ప్యాకేజీ వదిలేసి, రోజుకి ఒకటే చూపించే టూర్ ఏదైనా దొరుకుతుందా అని. లేదంటే మా తెలుగువాళ్లు కొన్ని కుటుంబాలు కలిసి మినీకోచ్ మాట్లాడుకుంటే ఎలా ఉంటుంది?

---

మెయిడ్‌స్టన్_తెలుగు:

పదిహేను మంది దాటితే మినీకోచ్చే మేలు అండీ, మీ పెద్దవాళ్ల వేగంతో మీరు నడవొచ్చు. డ్రైవర్‌తో సహా మాట్లాడుకోండి, అతని పని గంటలకీ పరిమితి ఉంది కాబట్టి పొద్దున బయల్దేరే టైమూ రాత్రి చేరే టైమూ ముందే రాసుకోండి. బస మెయిడ్‌స్టన్ చుట్టుపక్కల పెట్టుకుంటే ఫోక్‌స్టన్ కన్నా హీవర్, సిసింగ్‌హర్స్ట్, లీడ్స్ కాజిల్ మూడూ దగ్గర. ఒక రోజు హీవర్, ఒక రోజు సిసింగ్‌హర్స్ట్, ఒక రోజు టెంటర్‌డెన్ రైలూ బోడియమూ, తిరుగు దారిలో పొద్దున్నే లీడ్స్ కాజిల్. డోవర్ కావాలంటే నాన్నగారిని ఇంకోసారి రైల్లో తీసుకురండి, నేను స్టేషన్‌కి కారుతో వస్తాను. గ్రూపు టికెట్లకి ప్రతిచోటా కనీసం ఇంతమంది ఉండాలని ఒక లెక్క ఉంటుంది, కోచ్ పార్కింగ్‌తో కలిపి ముందే బుక్ చేయాలి, జూలై మొదటి వారం అయితే ఇప్పుడే మొదలుపెట్టండి.