తిరుపతిలో కనపడకుండా పోయిన డిగ్రీ అమ్మాయి: మనం వెతుకుతున్నామా, నేరం అంటగడుతున్నామా?

కపిలతీర్థం రోడ్డు (చర్చ మొదలుపెట్టినవారు)

విషయం తెలియని వాళ్లకు ముందు రెండు ముక్కలు. తిరుపతిలో డిగ్రీ రెండో సంవత్సరం చదివే అమ్మాయి సాయంత్రం హాస్టల్ నుంచి బయటికి వచ్చింది, మళ్లీ లోపలికి పోలేదు. అమ్మానాన్నలు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చారు, మిస్సింగ్ కేసు నమోదైంది. పేరు, కాలేజీ ఇక్కడ నేను రాయను, మీరూ రాయొద్దు.

వారం తిరక్కముందే ఈ కేసు కోసం గ్రూపులు పుట్టాయి. ఆమె ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరెవరిని ఫాలో అవుతోందో జాబితా రాశారు. బస్టాండు దగ్గర ఒక షాపు కెమెరాలో పడిన మసక బొమ్మ చుట్టూ ఎర్ర గీత గీసి పంచుతున్నారు. నిన్న రాత్రి ఆమె క్లాస్‌మేట్ ఒకబ్బాయి ఫొటో, ఫోన్ నంబరు, ఊరి పేరు పెట్టి "వీడే" అన్నారు. ఆధారం ఏంది అంటే, ఆమె చివరి పోస్టుకు లైక్ కొట్టాడట, మర్నాడు క్లాసుకు రాలేదట. తెల్లారేసరికి వాళ్ల ఇంటి ముందు జనం చేరారు.

ఈ పని ఆగాలని నా అభిప్రాయం. ఆమెను వెతకడం వేరు, ఎవరు ఏం చేశారో మనమే తేల్చేయడం వేరు. రెండోదానికి మన దగ్గర ఏమీ లేదు.

రేణిగుంట జంక్షన్

ఆపేస్తే ఎవరు వెతుకుతారన్నా? ఈ ఊర్లో పోలీసులకు ఏడాదంతా బందోబస్తే. ఒకరోజు వీఐపీ, ఇంకోరోజు ఉత్సవం. ఒక కానిస్టేబుల్ ఎన్ని షాపులు తిరగగలడు? చాలా షాపుల్లో రికార్డింగ్ రెండు మూడు వారాలకు మించి ఉండదు, హార్డ్‌డిస్క్ నిండితే పాతదాని మీదే కొత్తది పడుతుంది. ఆలస్యం చేస్తే ఉన్న ఆధారం కూడా పోతుంది. లీలామహల్ సర్కిల్ నుంచి బస్టాండు దాకా షాపులన్నీ తిరిగి "ఈ తేదీ రికార్డింగ్ చెరపొద్దు" అని బతిమాలింది మేమే.

2021లో అమెరికాలో వ్యాన్‌లో ఊర్లు తిరుగుతున్న ఒక యువతి కనపడకుండా పోయింది. అటుగా ప్రయాణించిన దంపతులు తమ యూట్యూబ్ వీడియోల్లో వెతుక్కుంటే, ఆగస్టు 27న తీసినదాంట్లో వ్యోమింగ్ అడవి పక్కన ఆగిన ఆ తెల్ల వ్యాన్ కనిపించింది. సెప్టెంబరు 19న మృతదేహం ఆ దగ్గర్లోనే దొరికింది. వాళ్లు మామూలు జనమే కదా?

కపిలతీర్థం రోడ్డు

నువ్వు చెప్పిన కేసే నా మాటకు బలం. ఆ దంపతులు ఏం చేశారు? తమ దగ్గరున్న వీడియోను అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐకి ఇచ్చారు, జనానికి చూపించారు. ఆ వ్యాన్ అక్కడ ఆగింది అన్నారు. అంతవరకు తమ కళ్లతో చూసిందే.

అదే అమెరికాలో 2013లో జరిగింది కూడా విను. బ్రౌన్ యూనివర్సిటీలో చదివే భారత సంతతి విద్యార్థి మార్చిలో కనపడకుండా పోయాడు. కుటుంబం ఫేస్‌బుక్ పేజీ పెట్టి ఊరూరా వెతుకుతోంది. ఏప్రిల్ 15న బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలాయి. ఎఫ్‌బీఐ అనుమానితుల ఫొటోలు బయట పెట్టగానే, రెడిట్ అనే చర్చల వెబ్‌సైట్‌లో కొందరు ఆ అబ్బాయి ముఖంతో పోల్చి ఇతనే అన్నారు. ఆ రాత్రికే పేరు లోకమంతా తిరిగింది. బిడ్డ కోసం పెట్టిన పేజీ మీద బూతులు వచ్చి పడ్డాయి, కుటుంబం ఆ పేజీనే మూసుకోవాల్సి వచ్చింది. బాంబులకూ అతనికీ ఏ సంబంధమూ లేదు. ఏప్రిల్ 23న ఆ యూనివర్సిటీ ఉన్న ప్రావిడెన్స్‌లో నదిలో అతని మృతదేహం దొరికింది. రెడిట్ బహిరంగంగా క్షమాపణ చెప్పింది. కొడుకు ఎక్కడున్నాడో తెలియని తల్లి ఆ రాత్రి ఎట్లా గడిపి ఉంటుందో ఒక్కసారి ఆలోచించు. ఆ బాధ పెట్టింది దుర్మార్గులు కారు, సాయం చేస్తున్నామనుకున్నవాళ్లే.

రేణిగుంట జంక్షన్

అది అమెరికా, బాంబు కేసు. ఇక్కడ ఆ క్లాస్‌మేట్ మాట్లాడకుండా ఫోన్ ఎందుకు ఆపాడు? నిజం ఉంటే చెప్పొచ్చు కదా.

టవర్ కింద మనిషి

గంటకు వందమంది తిట్టడానికి ఫోన్ చేస్తే ఎవరైనా ఆపేస్తారు బ్రదర్. అది ఆధారం కాదు.

నేను సెల్ నెట్‌వర్క్‌లో పని చేశాను, అందుకని ఒక సంగతి చెప్పాలి. "చివరి లొకేషన్ చంద్రగిరి" అని ఒక స్క్రీన్‌షాట్ తిరుగుతోంది. దాన్ని పట్టుకుని కొందరు కుర్రాళ్లు రాత్రిపూట టార్చిలు వేసుకుని అడవి అంచుకు పోయారు. టవర్ లొకేషన్ అంటే మనిషి నిలబడిన చోటు కాదు, ఆ ఫోన్ ఏ టవర్ పరిధిలో ఉందో అంతే. ఊర్లో అది కొన్ని వందల మీటర్లు. ఊరు దాటితే కొన్ని కిలోమీటర్లు. కొండల దగ్గర దగ్గరి టవర్ సిగ్నల్‌కు కొండ అడ్డం వస్తే ఫోన్ దూరపు టవర్‌ను పట్టుకుంటుంది. పైగా అసలు కాల్ డేటా పోలీసులు అడిగితేనే కంపెనీ ఇస్తుంది, అదీ పెద్ద అధికారి అనుమతితో. కాబట్టి ఆ స్క్రీన్‌షాట్ దొంగదైనా అయి ఉండాలి, లోపలి నుంచి అక్రమంగా వచ్చిందైనా అయి ఉండాలి. రెండిట్లో ఏదైనా పంచకూడదు.

పుత్తూరు అక్క

అందరూ మాట్లాడుతున్నారు, ఇంట్లో ఎట్లుంటుందో నేను చెప్తాను. మా పిన్ని కూతురు కొన్నేళ్ల కిందట ఇట్లనే కనపడకుండా పోయింది. తెలిసినవాళ్లు మంచి మనసుతోనే మా చిన్నాయన నంబరు వేసి ఫొటో అన్ని గ్రూపుల్లో పెట్టారు. ఫోన్లు మొదలయ్యాయి. మీ బిడ్డ మా దగ్గరుంది, బండి ఖర్చుకు ఐదువేలు పంపితే తెస్తామని ఒకడు. ఆస్పత్రిలో ఉంది, ఆపరేషన్‌కు డబ్బు కట్టండని ఇంకొకడు. చిన్నాయన ప్రతిసారీ పంపాడు. పంపకపోతే ఒకవేళ నిజమైతే ఏం చేయాలి అనేవాడు. ఒకాయన అంజనం వేసి ఉత్తరం దిక్కున నీళ్ల పక్కన ఉందన్నాడు, ఆ మాట కూడా గ్రూపుల్లోకి ఎక్కింది. అప్పట్నుంచి పిన్ని అన్నం మానేసింది.

వీటన్నిటికంటే జాస్తి బాధ వ్యాఖ్యలది. ప్రేమ వ్యవహారమేలే, పెంపకం సరిలేదు, అమ్మానాన్నలే ఏదో చేశారు. ఇవన్నీ చదువుతానే మేము స్టేషన్ బయట కూర్చున్నాం.

పిల్ల దొరికింది. బెంగళూరులో పనిచేసుకుంటా ఉంది, తన ఇష్టంతోనే పోయింది. ఆ పోస్టులు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి. సంబంధాలకు వచ్చినవాళ్లు పేరు కొట్టి చూస్తారు.

చిత్తూరు కోర్టు రోడ్డు

న్యాయవాదిని. పుత్తూరు అక్క చెప్పిన చివరి సంగతి చాలామందికి తెలియదు. పద్దెనిమిదేళ్లు నిండిన మనిషి తన ఇష్టంతో ఇల్లు వదిలితే అది నేరం కాదు. ఆచూకీ దొరికాక పోలీసులు ఆమె వాంగ్మూలం తీసుకుంటారు. ఇంటికి పోనంటే బలవంతంగా పంపలేరు. ఇంట్లో కొట్టడమో, ఇష్టంలేని పెళ్లో కారణమై ఉండొచ్చు. అట్లాంటప్పుడు "ఫలానా వీధిలో చూశాం" అని గ్రూపులో పెడితే ఎవరికి సాయం చేసినట్టు? చూసినవాళ్లు స్టేషన్‌కు చెప్పాలి, లేదా 112కు. పద్దెనిమిది నిండని పిల్లల సంగతి వేరు. 2013లో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం పిల్లలు తప్పిపోతే పోలీసులు ఎఫ్‌ఐఆర్ కట్టి, కిడ్నాప్ అనో అక్రమ రవాణా అనో భావించే దర్యాప్తు మొదలుపెట్టాలి.

ఆ అబ్బాయి మీద రాసినవాళ్లకు ఒక మాట. భారతీయ న్యాయ సంహిత 356 ప్రకారం పరువునష్టం నేరమే, ఫార్వర్డ్ చేసినవాళ్లకూ తగలొచ్చు. రేపు అతను నిజంగానే దోషి అని తేలినా మీ పోస్టుల వల్ల కేసుకు మేలు జరగదు. సాక్షులు తాము చూసింది మర్చిపోయి గ్రూపులో చదివింది చెప్తారు, అవతలి లాయరు దాన్నే పట్టుకుంటాడు.

రేణిగుంట జంక్షన్

సరే మేడం, పోలీసులు కదలకపోతే? నోరు మూసుకుని ఇంట్లో కూర్చోవాలా? అది చెప్పండి.

చిత్తూరు కోర్టు రోడ్డు

కూర్చోవద్దు. నేరం జరిగిందని ఫిర్యాదు ఇస్తే, అది ఏ స్టేషన్ పరిధిలో జరిగినా తీసుకోవాల్సిందే, జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహితలో 173వ సెక్షన్. తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా, అప్పటికీ కాకపోతే మెజిస్ట్రేట్‌కు. ఎవరైనా బంధించారన్న అనుమానం ఉంటే హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే ఆ మనిషిని కోర్టు ముందుకు తెమ్మని అడిగే పిటిషన్. మీరు చేసే గోల ఇటు మళ్లించండి. కేసు ఎంతవరకు వచ్చిందని పదిమంది ఎస్పీ ఆఫీసుకు అర్జీ ఇస్తే దానికి బరువుంటుంది.

మీరు షాపులు తిరిగిన పని మంచిదే. కానీ ఆ ఫుటేజీని ఫోన్‌తో తెర మీద నుంచి తీసి వాట్సాప్‌లో పంచడం పనికొచ్చేది కాదు. ఎలక్ట్రానిక్ ఆధారం కోర్టులో నిలవాలంటే సాక్ష్య అధినియం 63 కింద సర్టిఫికెట్ కావాలి. ఏ షాపు, ఏ తేదీ, ఏ గంట అన్నది రాసి దర్యాప్తు అధికారికి ఇవ్వండి. మూల రికార్డింగ్ ఉన్న డిస్క్ కదలకుండా చూడండి.

శ్రీనివాసం ఎదురుగా

ఒక చిన్న సంగతి. మన ఊర్లో ఆమె కోసం వేసే పోస్టరులో జుట్టుతో ఉన్న ఫొటో ఒక్కటే పెడితే లాభం లేదు. ఇక్కడ రోజూ వేలమంది ఆడా మగా గుండు చేయించుకుంటారు. ఆ పిల్ల కొండకు పోయి తలనీలాలు ఇచ్చి ఉంటే మీ ఫొటోతో ఎవరూ పోల్చుకోలేరు. ఎత్తు, నడక, పుట్టుమచ్చ, మాట్లాడే యాస, ఇట్లాంటివి అమ్మానాన్నలను అడిగి, పోలీసులు సరేనన్నవి మాత్రమే పోస్టరులో వేయండి. ఇంకోటి, ఇక్కడ బస్సెక్కితే కాసేపటికే తమిళనాడు, ఇంకోపక్క కర్ణాటక. వేలూరులో తెలుగు పోస్టరు ఎంతమంది చదువుతారు? తమిళంలో, కన్నడంలో కూడా వేయించండి. తమిళం నేను రాసిస్తాను.

రేణిగుంట జంక్షన్

ఆ అబ్బాయి ఫొటో నేను పెట్టింది కాదు, కానీ మా గ్రూపులోదే. తీయించాను. వేరే గ్రూపులకు పోయినవాటిని ఏం చేయాలో తెలియడంలేదు. గోల లేకపోతే కేసు చల్లబడుతుందన్న నా మాట మీద మాత్రం నేను నిలబడే ఉన్నా.

కపిలతీర్థం రోడ్డు

గోల ఉండనీ, ఎవరి పేరూ లేకుండా. మిగతా గ్రూపుల్లో కనిపించినవాటిని రిపోర్టు కొట్టి, లింకులు ఇక్కడ కాకుండా నాకు విడిగా పంపండి. ఆ అబ్బాయి వాళ్ల నాన్న సైబర్ ఫిర్యాదు ఇస్తానంటున్నారు, ఆయనకు అవి కావాలి.

పోస్టరులో కుటుంబం నంబరు తీసేసి స్టేషన్ నంబరు, 112 మాత్రమే వేద్దాం. పుత్తూరు అక్కా, ఆ అమ్మాయి వాళ్లమ్మ ఒక్కతే ఇంట్లో ఉంది, ఫోన్లు ఆగకుండా వస్తున్నాయట. మీరు ఒకసారి మాట్లాడతారా?

పుత్తూరు అక్క

నంబరు పంపు తమ్ముడూ. సాయంత్రం ఇంటికే పోతాను.