నల్గొండ నుంచి ఒక్క రోజులో సముద్రం చూసి రావొచ్చా?

నల్గొండ చిన్నోడు:
మా అమ్మకి అరవై రెండేళ్లు, ఇంతవరకు సముద్రం చూడలేదు. సాగర్ గేట్లు ఎత్తినప్పుడు తీసుకెళ్తే "సముద్రం ఇంతకంటే పెద్దగుంటదా?" అని అడిగింది, అప్పట్నుంచి నాకు అదే మనసులో పడింది. ఆదివారం ఒక్కటే సెలవు. కారుంది, నడిపేది నేనొక్కడినే, వెనక ఇద్దరు పిల్లలు. ఆరింటికి బయల్దేరి సూర్యలంక వెళ్లి, రిసార్ట్‌లో రూమ్ తీసుకుని, సాయంత్రం సముద్రంలో సూర్యుడు మునగడం చూసి రాత్రికి వచ్చేయాలని ప్లాన్. అయ్యే పనేనా?

మిర్యాలగూడ బావ:
అయ్యే పనే తమ్ముడూ, కానీ ఆ సూర్యుడి సంగతి మర్చిపో. మనకు దగ్గరున్నది తూర్పు తీరం, పొద్దున నీళ్లలోంచి లేస్తాడు, సాయంత్రం నీ వీపు వెనక చెట్లలోకి దిగిపోతాడు. దానికోసం ఆగితే ఇల్లు చేరేసరికి అర్ధరాత్రే. ఆరింటికి కాదు, మూడింటికే కదులు. అద్దంకి రోడ్డు పట్టుకుని మా ఊరు దాటి, వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, పిడుగురాళ్ల, నరసరావుపేట, చిలకలూరిపేట మీదుగా చీరాల వెళ్లు, రెండొందల కిలోమీటర్ల పైచిలుకు. అక్కడి వాడరేవు చాలు, సూర్యలంకే కావాలంటే ఇంకాస్త పైకి, బాపట్ల మీదుగా. చీకట్లో లారీలతో మాత్రం పందెం పెట్టుకోకు.

రూమ్ గురించి ఒకమాట. మేం ఒకచోట బుక్ చేసుకుని ఎనిమిదికే దిగితే, చెక్-ఇన్ పన్నెండింటికి, అప్పటిదాకా తాళం ఇవ్వం అన్నారు. మా ఆడవాళ్లు తడి బట్టలతో కారు చాటున దుప్పటి అడ్డం పట్టుకుని మార్చుకున్నారు. మేం బయల్దేరింది రెండింటికి, అంటే రెండు గంటలకు రోజు కిరాయి కట్టామన్నమాట! పొద్దున్నే రూమ్ ఇస్తారో లేదో ముందే ఫోన్ చేసి గట్టిగా అడుగు.

పాలమూరు పిల్ల:
అన్నా, రోడ్డు సంగతి బావ చెప్పారు, నేను నీళ్ల గురించి చెప్తాను. వాడరేవులో మా తమ్ముడు మోకాళ్ల లోతులోనే నిలబడ్డాడు. అల వెనక్కి పోతూ మడమల కింద ఇసుక లాక్కుపోయింది, పిల్లాడు కూర్చుండిపోయాడు, మళ్లీ లేచేలోపు తర్వాతి అల మొహం మీదకి వచ్చేసింది. చేయి పట్టుకుని ఉన్నాం కాబట్టి సరిపోయింది. ఇంకోటి, రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో ఒక చోట నీళ్లు నెమ్మదిగా కనిపిస్తే బాగుందని అక్కడే దిగుతారు జనం, చాలాసార్లు ఒడ్డుకొచ్చిన నీళ్లు లోపలికి తిరిగి వెళ్లే దారి అదే. లాగితే ఎదురు ఈదకూడదు, ఒడ్డు వెంబడి పక్కకి ఈదాలి. చెరువులో, బావిలో ఈత వచ్చినవాళ్లకే ఈ ధీమా ఎక్కువ, మా బాబాయి సహా. అమ్మకి ఒక ప్లాస్టిక్ కుర్చీ తీసుకెళ్లండి, అలల అంచున వేసి కూర్చోబెడితే చాలు.

రైలు బండి:
ఒక్కడివే రానూపోనూ నాలుగు వందల కిలోమీటర్లు, మధ్యలో ఎండ, ఉప్పునీళ్లు, భోజనం... తిరుగు ప్రయాణంలో కళ్లు మూతపడతాయి బ్రో. శనివారం రాత్రి నల్గొండలో నారాయణాద్రి ఎక్కు, అర్ధరాత్రి దాటాక చీరాలలో దిగు, తెల్లారేదాకా స్టేషన్లో కునుకు తీసి ఆటోలో వాడరేవు వెళ్లిపో. సూర్యోదయం కూడా దొరుకుతుంది. ఆదివారం రాత్రి మళ్లీ అదే బండి.

నల్గొండ చిన్నోడు:
అందరికీ థాంక్స్. పిల్లలతో అర్ధరాత్రి స్టేషన్లో పడిగాపులంటే మా ఆవిడ ఒప్పుకోవట్లేదు, అందుకే కారే, కానీ నడపడానికి మా బావమరిదిని కూడా తీసుకెళ్తున్నా. రూమ్ వద్దనుకున్నాం. మూడింటికి బయల్దేరి, మధ్యాహ్నం రెండుకల్లా అక్కణ్నుంచి వెనక్కి కదులుతాం. అమ్మకి చెప్తే ఒకటే అడిగింది, అక్కడ చేపల పులుసు దొరుకుతదా, లేక సద్ది కట్టుకోవాలా అని.