సైలెన్సర్ మోత రైడర్‌ని కాపాడుతుందా? బెంగళూరు ట్రాఫిక్ మీద వాదన

ఓఆర్ఆర్_రైడర్:
"సౌండ్ గట్టిగా ఉంటేనే బైకర్‌కి సేఫ్టీ" అనే మాటని చాలామంది వినీవినగానే కొట్టిపారేస్తున్నారు. నేను ఆ మాట వైపే నిలబడతాను. సిల్క్ బోర్డు నుంచి కేఆర్ పురం దాకా ఔటర్ రింగ్ రోడ్డు మీద సాయంత్రం ఏడింటికి బైకుకి దొరికే దారి ఒక్కటే, రెండు వరసల కార్ల మధ్య సందు. అందులో 15, 20 స్పీడులో పోతుంటే పక్క క్యాబ్ డ్రైవర్ మ్యాప్ చూసుకుంటూ ఉన్నట్టుండి ఎడమకి కోసేస్తాడు. బస్సుకి ఎడమ పక్కన, ముందు చక్రం దగ్గర ఉన్న బైకు డ్రైవర్ సీట్లోంచి కనబడదు. కంటికి ఆనని చోట చెవే దిక్కు. ఆటోకి పక్క తలుపులు లేవు, బస్సుల్లో చాలావాటికి అద్దాలు తెరిచే ఉంటాయి, అంటే వాళ్ళకి వినబడుతుంది. శబ్దానికీ సేఫ్టీకీ సంబంధం లేకపోతే, యూరప్‌లో ఎలక్ట్రిక్ కార్లకి కావాలని సౌండ్ పెట్టాలనే రూల్ 2019 నుంచి ఎందుకు తెచ్చినట్టు?

డెసిబెల్_దాసు:
అన్నా, ఆ రూలు మీ వాదనకే ఎదురు తిరుగుతుంది. ఎలక్ట్రిక్ కార్ల సౌండ్ పరికరం 20 స్పీడు దాకా మోగితే చాలు. 2 మీటర్ల దూరంలో కొలిస్తే 10 స్పీడులో 50 డెసిబెల్స్, 20 స్పీడులో 56 ఉండాలి. పై హద్దు 75. అది నడిచేవాళ్ళ కోసం, ముఖ్యంగా చూపు లేనివాళ్ళ కోసం పెట్టింది. కంపెనీ సైలెన్సర్‌తో ఉన్న మామూలు 150 సీసీ బైకు కదిలితే చాలు, ఆ 56ని దాటేస్తుంది. నడిచేవాళ్ళకి వినబడాల్సిన శబ్దం మీ బండికి షోరూమ్‌లోనే వచ్చింది.

ఇక మార్చిన సైలెన్సర్ లెక్క చూడండి. గొట్టం చివర నుంచి అర మీటరులో 100 డెసిబెల్స్ అనుకుందాం, బాగా గట్టి శబ్దమే. ఖాళీ జాగాలో దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 తగ్గుతుంది. 1 మీటరులో 94, 4 మీటర్లలో 82, 16 మీటర్లలో 70, 32 మీటర్లలో 64. కారు అద్దాలు మూసి ఏసీ వేసుకుంటే లోపలికి వచ్చేసరికి ఇంకో 20 నుంచి 30 పోతుంది. నడుస్తున్న కారులో పాటలు లేకపోయినా దాని సొంత శబ్దం 60 దగ్గర ఉంటుంది. అంటే 16 మీటర్ల దూరంలోని మీ 70, కారులో 45 అయి ఏసీ గాలిలో కలిసిపోతుంది. 4 మీటర్ల దగ్గర, అంటే కారు వెనక బంపర్ దాకా వచ్చేశాక, అప్పుడు మెల్లగా తెలుస్తుంది. బుకారెస్ట్ పాలిటెక్నిక్ వాళ్ళు ఇదే కొలిచి చూశారు: కారు లోపల మ్యూజిక్ ఉంటే, 15 మీటర్ల వెనక ఉన్న ఏ బైకూ డ్రైవర్‌కి వినబడలేదు.

సీమ_బుల్లెట్:
దాసు గారూ, మీ లెక్కలో ఒక చిక్కుంది. మీరు చెప్పేవి ఏ-వెయిటింగ్ డెసిబెల్స్. ఆ కొలత లోతైన శబ్దాన్ని బాగా తగ్గించి చూపిస్తుంది, 31.5 హెర్ట్జ్ దగ్గర దాదాపు 39 డెసిబెల్స్ కోసేస్తుంది. సింగిల్ సిలిండర్ ఫోర్ స్ట్రోక్ 3000 ఆర్పీఎంలో సెకనుకి 25 సార్లు పేలుతుంది, అంటే 25 హెర్ట్జ్. అద్దాలు ఆపేది సన్న శబ్దాన్ని. ఈ గుబగుబ కారు డోరులోంచీ సీటులోంచీ ఒంటికి తెలుస్తుంది. మీటరులో కనబడనంత మాత్రాన డ్రైవర్‌కి తెలియదనకూడదు.

డెసిబెల్_దాసు:
పాయింటు సరైనదే, గుబగుబ లోపలికి వస్తుంది. కానీ ఎటు నుంచి వస్తోందో చెప్పదు. కుడా ఎడమా అని చెవి పట్టుకునేది రెండు రకాలుగా. శబ్దం ఒక చెవికి ముందు, ఇంకో చెవికి తర్వాత చేరే తేడా ఒకటి, తల అడ్డం రావడంతో ఒక చెవిలో తగ్గే తేడా రెండోది. 25 హెర్ట్జ్ అల పొడవు 13 మీటర్ల పైనే. జానెడు తల దానికి అడ్డమే కాదు, కాబట్టి రెండో తేడా అసలుండదు. మొదటిది కొంత పనిచేసేదే, కానీ కారు లోపల డోర్లు, రూఫు, అద్దాలు అన్నీ ఒకేసారి అదురుతుంటే అదీ పోతుంది. మెట్రో వంతెన కింద, అండర్‌పాసుల్లో గోడలకి తగిలి ఇంకా కలగాపులగం అవుతుంది. డ్రైవర్‌కి "ఎక్కడో బైకుంది" అని తెలుస్తుంది. బెంగళూరులో ఎక్కడో బైకు లేని క్షణం ఏది? అతను స్టీరింగ్ తిప్పాలా వద్దా అనేదానికి ఆ సమాచారం పనికిరాదు.

హోసూర్‌రోడ్_రమ్య:
దిక్కు గురించి మాట వచ్చింది కాబట్టి అసలు విషయం అడుగుతాను. ప్రమాదం ఎటు నుంచి వస్తుంది? అమెరికాలో హర్ట్ రిపోర్టు, 1981లో వచ్చింది. లాస్ ఏంజెలిస్ ప్రాంతంలో 900 ప్రమాదాలను చోటుకి వెళ్ళి పరిశీలించారు. బైకూ ఇంకో బండీ గుద్దుకున్న కేసుల్లో మూడింట రెండు వంతులు అవతలి డ్రైవర్ దారి ఇవ్వకుండా అడ్డం రావడం వల్లే జరిగాయి. ముప్పు ఎక్కువగా రైడర్ ముందువైపే ఉంది, వెనక నుంచి వచ్చింది చాలా తక్కువ. తర్వాత యూరప్‌లో చేసిన మెయిడ్స్ అధ్యయనం 921 ప్రమాదాలు చూసింది, ముప్పు 90 శాతం ముందువైపే అని తేల్చింది.

సైలెన్సర్ గొట్టం తిరిగి ఉన్నది వెనక్కి. ముందుకి వెళ్ళే శబ్దానికి ఇంజనూ చక్రమూ మన కాళ్ళూ అడ్డం. మారతహళ్ళి దగ్గర సర్వీస్ రోడ్డులోంచి మెయిన్ రోడ్డు మీదికి దూరే కారుని తీసుకోండి. 50 స్పీడులో మీరు సెకనుకి దాదాపు 14 మీటర్లు పోతారు. రియాక్షన్‌కి ఒక సెకను, మంచి టైర్లూ ఏబీఎస్‌తో గట్టి బ్రేకుకి ఇంకో 14 మీటర్లు, మొత్తం 28. ఆ కారు డ్రైవర్‌కి మీరు 28 మీటర్లకి ముందే తెలియాలి. దాసు గారి లెక్కలో 32 మీటర్ల దగ్గర కారు లోపల 40 డెసిబెల్స్ కూడా మిగలదు. అతనికి వినబడే దూరానికి మీరు వచ్చేసరికి బ్రేకు వేసే జాగా అయిపోయింది. నాకు ఈ వాదన మీద ఇంత పట్టుదల ఎందుకంటే, శబ్దాన్ని నమ్ముకున్న కుర్రాడు ఆ సర్వీస్ రోడ్డు మూల దగ్గర యాక్సిలరేటర్ తగ్గించడు.

ఓఆర్ఆర్_రైడర్:
రమ్య గారూ, 50 స్పీడు లెక్క ఒప్పుకుంటాను. నేను మాట్లాడేది 15, 20 స్పీడులో సందులోంచి పోవడం. అక్కడ 3, 4 మీటర్ల దూరమే అసలు విషయం. అక్కడ హారన్ కొట్టండి అంటారా? ఈ ఊళ్ళో సిగ్నల్ పచ్చ కాకముందే వెనకోళ్ళు హారన్ మొదలుపెడతారు. హారన్‌కి ఎవరూ తల తిప్పడం లేదు. ఎగ్జాస్ట్ అలా కాదు, ఆగకుండా వస్తుంది, మన బొటనవేలు బటన్ మీద లేకపోయినా పనిచేస్తుంది. బ్రేకు మీదా క్లచ్ మీదా వేళ్ళు ఉన్నప్పుడు హారన్ ఆలస్యం అవుతుంది.

జేసీరోడ్_పానా:
సందులో 3 మీటర్ల మాట వరకు ఓఆర్ఆర్ బ్రదర్‌తో నాకు పేచీ లేదు. కానీ దానికి చెల్లించే ఖరీదు బండి లోపల ఏమవుతుందో చాలామందికి తెలియదు, అది చెప్తాను.

కంపెనీ సైలెన్సర్ లోపల రెండు మూడు గదులుంటాయి, చిల్లుల గొట్టాలుంటాయి, బీఎస్6 పొగ నియమాలు వచ్చాక బెండ్ పైపులోనో (ఇంజన్ నుంచి సైలెన్సర్‌కి వచ్చే గొట్టం) సైలెన్సర్ ముందు భాగంలోనో కెటలిటిక్ కన్వర్టర్, అంటే పొగలోని విషవాయువులని తగ్గించే తేనెపట్టు లాంటి భాగం ఉంటుంది. దాని బదులు ఫ్రీ ఫ్లో అని అమ్మే సైలెన్సర్‌లో ఒక్క తిన్నని చిల్లుల గొట్టం, చుట్టూ గ్లాస్ ఊల్ (గాజు పీచు). ఆ ఊల్ వేడికి కాలిపోయి, గొట్టంలోంచి పొడిగా బయటికి పోతుంది. మొదట్లో బేస్‌గా ఉన్న శబ్దం నెలలు గడిచేకొద్దీ రేకు డబ్బా మోతగా మారేది అందుకే. తిరిగి నింపాలంటే రివెట్లు డ్రిల్ చేసి తీసి, గొట్టం చుట్టూ ముందు ఒక వరస స్టీల్ ఊల్, దాని మీద గ్లాస్ ఊల్ చుట్టి, స్టెయిన్‌లెస్ రివెట్లే వెయ్యాలి. అల్యూమినియం రివెట్లు ఆ వేడికి వదులైపోతాయి. ఊల్ మరీ కూరి నింపితే శబ్దం తగ్గదు, పెరుగుతుంది.

ఇంకా ముఖ్యమైనది ఇంజన్ హెడ్‌కి బెండ్ పైపు తగిలే చోట ఉండే గాస్కెట్ రింగు. అది ఒకసారి నలిగితే మళ్ళీ పనికిరాదు. ఊడదీసిన ప్రతిసారీ కొత్తది వెయ్యాలి, రెండు నట్లూ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాలి. పాతదే వేస్తే సన్న లీకు వస్తుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఆ లీకులోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుని టప్ టప్ అని పేలుతుంది, కుర్రాళ్ళు దాన్నే ట్యూనింగ్ అనుకుంటారు. ఆక్సిజన్ సెన్సర్ ఆ గాలిని చూసి మిక్చర్ పల్చగా ఉందనుకుంటుంది, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) పెట్రోలు పెంచుతుంది, మైలేజీ పడిపోతుంది. కిల్ స్విచ్‌తో (ఇంజన్ ఆపే బటన్) పటాకా కొట్టించే వాళ్ళకి ఇంకా నష్టం. కాలని పెట్రోలు కెటలిటిక్ కన్వర్టర్‌లో చేరి అక్కడ కాలుతుంది, లోపలి తేనెపట్టు కరిగి దారి మూసుకుపోతుంది. తర్వాత బండి పికప్ లేదంటూ కార్బన్ క్లీనింగ్‌కి డబ్బులు పోస్తారు.

సీమ_బుల్లెట్:
పానా అన్నా, సైలెన్సర్ కొసలో మోత తగ్గించే డీబీ కిల్లర్ పెట్టుకుంటే సమస్య తీరుతుంది కదా? తీసేసి తిరిగేవాళ్ళని అందరిలో కలపొద్దు.

జేసీరోడ్_పానా:
శబ్దం తగ్గుతుంది నిజమే. అది చివర ఒక అలెన్ బోల్టుతోనో సర్‌క్లిప్‌తోనో నిలబడే చిన్న గొట్టం. బోల్టుకి థ్రెడ్‌లాకర్ (వదులవకుండా వేసే జిగురు) వేస్తే ఆ వేడికి నిలవదు, స్టెయిన్‌లెస్ లాక్ వాషర్ వెయ్యాలి, లేకపోతే అదురుకి ఊడి రోడ్డు మీద పడుతుంది. కానీ కన్వర్టర్ తీసేసిన బండికి డీబీ కిల్లర్ పెట్టినా పొగ సంగతి తీరదు. చట్టం కూడా తీరదు.

హోసూర్‌రోడ్_రమ్య:
చట్టం క్లుప్తంగా: మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. మార్చిన ఓనర్‌కి 182ఏ కింద ఒక్కో మార్పుకి 5,000 జరిమానా లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. శబ్దం, పొగ హద్దు దాటితే 190(2) కింద మొదటిసారి 10,000 దాకా జరిమానా, 3 నెలల దాకా జైలు, లైసెన్సు 3 నెలలు పోవడం కూడా ఉంది. కొత్త బండి శబ్ద పరీక్ష హద్దు 80 సీసీ దాకా 75, 175 దాకా 77, ఆపైన 80 డెసిబెల్స్, 7.5 మీటర్ల దూరంలో. ఇన్సూరెన్స్ వాడు క్లెయిమ్‌లో మార్పుల మాట ఎత్తితే జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

ఇప్పుడు ఓఆర్ఆర్ గారి హారన్ ప్రశ్న. అందరూ హారన్ కొట్టడంతో హారన్‌కి విలువ పోయింది అన్నారు. అందరూ సైలెన్సర్ మార్చుకుంటే దానికీ అదే గతి. పైగా హారన్ రెండు సెకన్లు మోగి ఆగుతుంది. నిమ్హాన్స్ ఆసుపత్రి ముందు నుంచో జయదేవ ఆసుపత్రి ముందు నుంచో అర్ధరాత్రి పోయే సైలెన్సర్ ఆ వీధి మొత్తం దాటేదాకా ఆగదు. ఆసుపత్రి చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం, రాత్రి హద్దు 40 డెసిబెల్స్. లోపల పడుకున్నవాళ్ళు ఏ రైడర్ సేఫ్టీకీ అడ్డం రాలేదు, వాళ్ళ నిద్ర తీసుకునే హక్కు మనకి లేదు.

కనబడటానికి పనిచేసినవి వేరే ఉన్నాయి. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో చేసిన అధ్యయనం 2004లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. మెరిసే లేదా ఫ్లోరసెంట్ బట్టలు వేసుకున్నవాళ్ళకి గాయపడే ముప్పు 37 శాతం తక్కువ. నల్ల హెల్మెట్‌తో పోలిస్తే తెల్ల హెల్మెట్‌కి 24 శాతం తక్కువ. పగలు హెడ్‌లైట్ వేసుకుంటే 27 శాతం తక్కువ. హెడ్‌లైట్ మనకి 2017 ఏప్రిల్ నుంచి కొత్త బళ్ళన్నిటికీ ఆటోమేటిక్‌గా వచ్చేసింది. మిగతా రెండూ మనం ఎంచుకోవాల్సినవి.

ఓఆర్ఆర్_రైడర్:
సందులో, బస్సు పక్కన, నెమ్మది స్పీడులో ఎంతో కొంత ఉపయోగం ఉందనే నా మాట. దాన్ని వదలను. కానీ కంపెనీ సైలెన్సర్ ఉంచుకుని హారన్ ఒక్కటే బాగు చేసుకోవాలంటే ఎలా చెయ్యాలి, పానా బ్రదర్?

జేసీరోడ్_పానా:
రెండు 12 వోల్టుల హారన్లు, ఒకటి హై టోన్, ఒకటి లో టోన్, రెండూ ఒకేసారి మోగేవి. రాగాలు మార్చి మార్చి మోగే మల్టీటోన్ హారన్ రూల్ 119 కింద నిషేధం, దాని జోలికి పోవద్దు. రెండూ కలిపి దాదాపు 7, 8 ఆంపియర్లు లాగుతాయి. అంత కరెంటు కంపెనీ బటన్‌లోంచి పంపితే కాంటాక్టు మాడిపోతుంది, కాబట్టి 4 పిన్నుల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) తప్పనిసరి. దాని పిన్నుల మీద 30, 87, 85, 86 అని రాసి ఉంటుంది.

బ్యాటరీ ప్లస్ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజు, ఆ ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. అక్కడి నుంచి 1.5 ఎంఎం వైరు రిలే 30కి. 87 నుంచి హారన్లకి, హారన్ల రెండో కొస మెయిన్ ఎర్త్‌కి. పాత హారన్‌కి వచ్చే రెండు వైర్లూ 85, 86కి. ఇలా ఇస్తే బటన్ ప్లస్ కట్ చేసే బండైనా, ఎర్త్ కట్ చేసే బండైనా పనిచేస్తుంది. లోపల డయోడ్ ఉన్న రిలే అయితే మాత్రం ప్లస్సూ మైనస్సూ తారుమారు కాకుండా చూసుకోండి. హారన్ నోరు ముందుకీ కొంచెం కిందికీ ఉండాలి, పైకి ఉంటే మొదటి వానకే నీళ్ళు నిండుతుంది. బ్రాకెట్ గట్టిగా ఫ్రేముకి బిగిస్తే హారన్ గొంతు పూడుతుంది, దానితో వచ్చిన స్ప్రింగు పట్టీనే వాడాలి. హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పి ఫోర్కుకి తగలడం లేదని చూసుకోండి.

డెసిబెల్_దాసు:
ఓఆర్ఆర్ అన్నా, మీ బండి ఇప్పుడు ఎంత మోగుతోందో కొలవండి, వాదన అంకెల మీద నడుస్తుంది. ఖాళీ మైదానం, చుట్టూ 3 మీటర్లలో గోడ ఉండకూడదు. మైకు సైలెన్సర్ కొస నుంచి అర మీటరు, గొట్టం దిక్కుకి 45 డిగ్రీల పక్కకి, కొస ఎంత ఎత్తుంటే అంత ఎత్తులో. గరిష్ఠ పవర్ వచ్చే ఆర్పీఎం 5000 దాటే బండైతే అందులో సగం దగ్గర పట్టి ఉంచి, వదిలెయ్యాలి. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి 6100 కాబట్టి 3050. ఫోన్ యాప్ నమ్మొద్దు, ఫోన్ మైకు గట్టి శబ్దం దగ్గర తనంతట తనే తగ్గించేసుకుంటుంది. క్యాలిబ్రేట్ చేసిన మీటరు అద్దెకి తీసుకోండి. తర్వాత అదే మీటరుని ఏసీ వేసిన కారులో డ్రైవర్ తల దగ్గర పెట్టి, బైకుని 4, 8, 16 మీటర్ల వెనక నిలబెట్టి మూడు రీడింగులు తీయండి. హారన్‌కి కూడా అవే మూడు. ఆరు అంకెలూ ఇక్కడ పెడితే సందు సంగతి అప్పుడు మాట్లాడదాం.